గ్రేహౌండ్ పందెంలో కుడి వెనక కాలే ఎందుకు విరుగుతుంది?

గ్రేహౌండ్ అంటే పరుగుకు పేరుపడ్డ సన్నటి కుక్క జాతి. పందెంలో ఆ కుక్క కాలు విరిగితే నిర్వాహకులు "దురదృష్టం" అంటారు. కానీ ఎక్కువసార్లు విరిగేది మలుపులోనే. అదీ కుడి వెనక కాలి మడమ కీలులోని సెంట్రల్ టార్సల్ అనే ఒకే చిన్న ఎముక. ఇన్నిసార్లు ఒకే చోట వాలే దురదృష్టం ఉండదు.

ట్రాక్ మీద కుక్కలు ఎప్పుడూ ఎడమకే తిరుగుతాయి. గంటకు 65 కిలోమీటర్లంటే సెకనుకు 18 మీటర్లు. మలుపు వ్యాసార్ధం 50 మీటర్లయితే, 30 కిలోల కుక్క మీద దాదాపు 20 కిలోల బరువు పక్కకు లాగుతున్నట్టు లెక్క. వ్యాసార్ధం 70 మీటర్లు చేస్తే అది 14కి దిగుతుంది. మనిషి మలుపులో వేగం తగ్గించుకుంటాడు, గ్రేహౌండ్ తగ్గించదు. అదనపు భారమంతా కాళ్ల మీదే తీసుకుంటుంది. బయటివైపు ఉండే కుడి కాలి మడమలో ఆ ఎముక చుట్టుపక్కల ఎముకల మధ్య నలుగుతుంది.

ఇదంతా ఒక్క రోజులో జరిగేది కాదు. అదే మలుపులో సాధన చేసి చేసి ఎముక ఒక వైపే గట్టిపడుతుంది, లోపల సన్నని పగుళ్లు పేరుకుంటాయి. అవి మానేలోపే మళ్లీ పరుగు. మామూలు ఎక్స్‌రేలో ఈ దశ తరచూ దొరకదు, సీటీ స్కాన్‌లో అయితే తేడా తెలుస్తుంది. మలుపులో కుక్క బయటివైపుకు జరిగిపోవడం, టైమింగ్ కాస్త పడిపోవడం, మడమ లోపలివైపు బొటనవేలితో నొక్కితే కాలు లాక్కోవడం ముందస్తు సూచనలు కావచ్చు. "ఇవాళ దానికి మూడ్ లేదు" అని తేల్చేస్తే ఆ సూచన వృథా.

ట్రాక్ తప్పుల్లో మొదటిది, తిన్నటి దారి ఒక్కసారిగా గుండ్రటి మలుపుగా మారడం. రైలు పట్టాల్లాగా వంపు మెల్లగా పెరగాలి, ట్రాక్ లోపలివైపుకు ఉండే వాలు కూడా దానితోపాటే పెరగాలి. ఇక ఇసుక. బాగా ఎండితే పంజా కింద జారిపోతుంది, తడిసి గట్టిపడితే దెబ్బ నేరుగా ఎముకకు తగులుతుంది. లోపలి అంచునే ఎక్కువ కుక్కలు తొక్కుతాయి కాబట్టి తేమ చూడాల్సింది అక్కడ. ట్రాక్ మధ్యలో చూసి "బాగానే ఉంది" అనుకోవడం పాత అలవాటు.

మొదటి మలుపు సంగతి వేరు. బ్రిటన్‌లో 6, ఆస్ట్రేలియాలో మామూలుగా 8 కుక్కలు ఒకేసారి పరుగు మొదలయ్యే పెట్టెల్లోంచి దూకి, ఇంకా చెదరకముందే అక్కడికి చేరతాయి. అవి వెంటాడే యంత్రపు కుందేలు లోపలి రెయిలింగ్ పక్కనే పోతుంటే అన్నీ అటే దూసుకొస్తాయి. ఒకటి తూలితే వెనకవి దాని మీద పడతాయి. సిడ్నీ టెక్నాలజీ విశ్వవిద్యాలయం 2017 నివేదిక 6 కుక్కలు చాలనీ, కుందేలును పొడవాటి చేయితో ట్రాక్ మధ్యకు జరపాలనీ, అసలు తిన్నటి ట్రాక్‌లు కట్టాలనీ చెప్పింది. తిన్నటి ట్రాక్ కల కాదు, ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రంలోని హీల్స్‌విల్‌లో ఉంది.

విరిగిన ఈ ఎముకను చాలాసార్లు స్క్రూలతో బిగించవచ్చు. మళ్లీ పరుగెత్తకపోయినా హాయిగా నడిచే కుక్కలు ఎన్నో. అయినా వైద్యం ఖర్చు చూసి చంపేయడం ఈ రంగంలో దాచలేని నిజం. బ్రిటన్‌లో గ్రేహౌండ్ పందేల నియంత్రణ సంస్థ 2018కి ఇచ్చిన లెక్కల్లో 4,963 గాయాలు, 932 మరణాలు ఉన్నాయి. మరణాలన్నీ ట్రాక్ మీద జరిగినవి కావు. అందుకే లెక్కల్లో మొత్తం అంకె ఒక్కటే చూస్తే చాలదు: ఏ ట్రాక్, ఏ మలుపు, ఏ పెట్టెలోంచి వచ్చిన కుక్క, ఆ రోజు ఇసుకలో తేమ ఎంత అని అడగాలి.