తీపి జొన్న, సుద్దపొడి, మాగ్నస్ స్వెన్సన్: ఒక సీజను పని చిట్టా

ఏప్రిల్

తీపి జొన్న విత్తనాలు చేతికొచ్చాయి. రకం అర్లీ అంబర్. నేనుండే మాడిసన్ (అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రం) లాంటి చోట దీర్ఘకాలిక రకాలు పనికిరావు. మే సగం దాటేదాకా రాత్రి మంచు భయం పోదు, అక్టోబరు మొదట్లోనే మళ్లీ పడుతుంది. ఆ మధ్యలో గింజ పాలుపోసుకుని గట్టిపడే రకం కావాలి. 1880ల్లో విస్కాన్సిన్, మిన్నెసోటా రైతులు వేసింది కూడా ఇదే. అప్పట్లో దీనిని అంబర్ చెరకు అనేవారు.

ఈ పని ఎందుకు పెట్టుకున్నానో ఒకసారి రాసి ఉంచుతాను, మళ్లీ ఎవరికీ వివరించక్కర్లేకుండా. మాగ్నస్ స్వెన్సన్ 1854లో నార్వేలో పుట్టి, కుర్రతనంలోనే విస్కాన్సిన్ చేరాడు. 1880లో ఇక్కడి విశ్వవిద్యాలయంలో పట్టా తీసుకుని, వెంటనే వ్యవసాయ ప్రొఫెసర్ హెన్రీతో కలిసి ఈ అంబర్ చెరకు మీద ప్రయోగాలు చేశాడు. తర్వాత చక్కెర రసాయనవేత్త, బాష్పీకరణ (నీటిని ఆవిరి చేసి చిక్కబరిచే) యంత్రాల తయారీదారు, ఆనకట్టల నిర్మాత, విశ్వవిద్యాలయ పాలకమండలి అధ్యక్షుడు అయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో రాష్ట్ర రక్షణ మండలికి నాయకుడు. 1936లో మాడిసన్‌లోనే పోయాడు. ఇంత ఉన్నా ఊళ్లో ఆయన పేరు తెలిసినవారు నాకు పెద్దగా తగల్లేదు. జీవితచరిత్ర చదవడం కన్నా ఆయన మొదలుపెట్టిన చోటే మొదలుపెడితే, అంటే జొన్న కాడ రసం పొయ్యి మీద పెడితే, మనిషి కాస్త అర్థమవుతాడని నా ఆలోచన.

మే నెలాఖరు

నేల వేడి 18 డిగ్రీలు దాటాక విత్తాను. అద్దె మడి 20 అడుగుల చదరం. సాళ్ల మధ్య రెండున్నర అడుగులు, మొక్కల మధ్య ఒక జానెడు. విత్తనం అంగుళం లోతు మించకూడదు. మొదటి నెల మొక్క నత్తనడక నడుస్తుంది, కలుపు మాత్రం పరుగెత్తుతుంది. అప్పుడు కలుపు తీయకపోతే ఇక పంట మాట మరచిపోవచ్చు. నత్రజని ఎక్కువ వేస్తే కాడ ఏపుగా ఎదిగి పడిపోతుంది, రసం రుచి కూడా చెడుతుంది. కంపోస్టు ఒక్కటే వేశాను.

జులై

రాయడానికేమీ లేదు. పెరుగుతోంది.

ఆగస్టు

కంకులు వచ్చాయి. పక్క మడి పెద్దాయన కోళ్లకు, మేకలకు ఆకులు ఇస్తావా అని అడిగారు. ఈ విషయంలో అనకాపల్లి నుంచి అమ్మ ఫోనులో ముందే హెచ్చరించింది: "లేత జొన్న, వాడి మళ్లీ చిగిర్చిన జొన్న పశువులకు పెట్టవద్దు, నాము ఉంటుంది." నాము మన రైతులకు కొత్త కాదు. లేత ఆకుల్లో, మంచు కొట్టిన ఆకుల్లో, నరికాక వచ్చే పిలకల్లో సైనైడు విడుదల చేసే పదార్థం ఉంటుంది. ఆయనకు ఆకులు ఇవ్వలేదు. గింజ ముదిరాక కంకులు ఇస్తానన్నాను.

సెప్టెంబరు రెండో వారం

గింజను గోటితో నొక్కితే పాలు కారడం మానేసి మెత్తని పిండిలా నలుగుతోంది. కోతకు ఇదే అదను. తీపి కొలిచే రిఫ్రాక్టోమీటరు మీద కాడ నడిమి భాగం రసం 15 బ్రిక్స్ (అంటే నూటికి సుమారు 15 పాళ్లు తీపి), పైభాగం 12. అందుకే కంకితో పాటు పై రెండు కణుపులూ కోసి పారేయాలి. ఆకులు నిలబడి ఉండగానే చేత్తో దూసేయడం తేలిక, నరికాక చిక్కు. చేతి తొడుగులు తప్పనిసరి, ఆకు అంచు రంపమే.

గానుగ చేత్తో తిప్పే మూడు రోలర్లది, పాతది కొన్నాను. కాడను లావు చివర నుంచి, రెండు మూడు కలిపి పెట్టాలి. రోలర్ల సందు మొదట కాస్త వదులుగా ఉంచి, రెండోసారి బిగించి, అదే పిప్పిని మళ్లీ తిప్పితే ఇంకొంత రసం వస్తుంది. అయినా కాడ బరువులో సగం కన్నా తక్కువే రసంగా దిగింది. మిగతా తీపి అంతా పిప్పిలోనే ఉంది. 1880ల్లో జొన్న చక్కెర మిల్లులను చంపిన మొదటి శత్రువు ఇదే. రోలర్లు ఎంత బిగించినా చక్కెరలో పెద్ద భాగం పిప్పితో పాటు పొయ్యిలోకి పోయేది.

దీనికి మందు కాన్సస్‌లోని ఫోర్ట్ స్కాట్‌లో వెతికారు. అమెరికా వ్యవసాయ శాఖ డబ్బు పెట్టింది, స్వెన్సన్ అక్కడ రసాయనవేత్త. కాడను పిండకుండా సన్నని ముక్కలుగా తరిగి, వరుసగా పెట్టిన తొట్లలో వేసి, వేడినీళ్లతో తీపిని లాగడం అక్కడి పద్ధతి. బీట్ చక్కెర మిల్లులు యూరప్‌లో అప్పటికే చేస్తున్నదే. కిటుకు నీళ్లు నడిచే దారిలో ఉంది: కొత్త నీళ్లు చప్పబడిపోయిన ముక్కల మీదికి, అక్కడ కాస్త తియ్యబడ్డ నీళ్లు కొత్త ముక్కల మీదికి.

సెప్టెంబరు మూడో వారం

అదే పద్ధతి వంటింటి కొలతలో. 5 కిలోల కాడలు, చెక్కు తీయకుండా, రెండు మూడు మిల్లీమీటర్ల బిళ్లలుగా తరిగాను. నాలుగు స్టీలు గిన్నెలు, ప్రతిదానిలో కిలోంబావు. నీళ్లు 70 డిగ్రీలు, ఒక్కో గిన్నెలో 20 నిమిషాలు నానబెట్టి తర్వాతి గిన్నెలోకి వంచడం. వేడి నిలవడానికి గిన్నెలను పిక్నిక్ ఐస్ పెట్టెలో పెట్టి మూత వేశాను. ఆఖరి గిన్నె నుంచి వచ్చిన రసం 10 బ్రిక్స్. గానుగ రసం కన్నా పలుచనే, కానీ మిగిలిన బిళ్లలు నమిలితే నిజంగా గడ్డి. తీపంతా నీళ్లలోకి వచ్చేసింది.

అయితే తీపి వచ్చింది గానీ చక్కెర రాలేదు. ఇక్కడే స్వెన్సన్ బుర్ర పనిచేసిన చోటు కనిపిస్తుంది. జొన్న రసం పులుపు వైపు ఉంటుంది, పులుపు కొలిచే నా పట్టీ మీద పీహెచ్ 5 (7 కన్నా ఎంత తగ్గితే అంత పులుపు). పులుపు, వేడి, సమయం మూడూ కలిస్తే సుక్రోజు, అంటే మామూలు చక్కెర, విడిపోయి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. నాలుకకు తేడా తెలియదు, కానీ పలుకు (చక్కెర స్ఫటికం) కట్టడం ఆగిపోతుంది. వేడినీళ్ల తొట్లలో గంటకు పైగా నానితే నష్టం ఇంకా ఎక్కువ.

సున్నం వేస్తే పులుపు విరుగుతుంది, ఇది మన బెల్లం వండేవారికీ తెలుసు. అనకాపల్లి వైపు పెనంలో సున్నపు తేట వేయడం, బెండ మొక్క జిగురుతో మడ్డి తేల్చడం చిన్నప్పటి నుంచి చూసినవే. కానీ సున్నం చెయ్యి జారితే రసం క్షారం వైపు దూకుతుంది, గ్లూకోజు మాడినట్టు నల్లబడుతుంది. స్వెన్సన్ తొట్లలో ముక్కలతో పాటు సున్నానికి బదులు సుద్ద వేశాడు, అంటే కాల్షియం కార్బొనేటు. సుద్ద నీళ్లలో దాదాపు కరగదు. పులుపు ఉన్నంత వరకే పనిచేస్తుంది, పులుపు అయిపోగానే అడుగున ఊరికే కూర్చుంటుంది. ఎక్కువైనా ప్రమాదం లేని మందు. ఇంత చిన్న మార్పు ఇంత తెలివైనదని పుస్తకంలో చదివినప్పుడు నాకు తోచలేదు, పీహెచ్ పట్టీ రంగు చూశాక తోచింది.

1887లో ఈ పద్ధతికి ఆయన తన పేరున పేటెంటు తీసుకున్నాడు. వ్యవసాయ శాఖకు మండింది. ప్రజల డబ్బుతో జరిగిన ప్రయోగం ఒకరి సొత్తు ఎలా అవుతుందని ఆ పేటెంటును రద్దు చేయించడానికి పూనుకున్నారు. నా తీర్పు అడిగితే, శాఖ వైపే మొగ్గుతాను. ఆలోచన ఆయనదే కావచ్చు, తొట్లు, కాడలు, కూలి డబ్బులు ప్రభుత్వానివి. తర్వాతి జీవితంలో ఆయన ప్రజలకోసం చేసిన పని చూసి ఈ అధ్యాయాన్ని మెత్తగా దాటేయాలనిపిస్తుంది, కానీ దాటేస్తే మనిషి సగమే మిగులుతాడు.

సెప్టెంబరు నెలాఖరు: వంట

గానుగ రసాన్ని గుడ్డలో వడకట్టి, చల్లని చోట మూడు గంటలు కదపకుండా ఉంచాలి. అడుగున తెల్లగా పిండి దిగుతుంది, పైతేట మాత్రమే తీసుకోవాలి. ఈ పిండిని వదిలేస్తే పానకం జెల్లీలా బిగుస్తుంది.

మొదటి వాయి: 20 లీటర్లు, ఏమీ కలపకుండా. రెండో వాయి: 20 లీటర్లు, తినదగిన సుద్దపొడితో. పీహెచ్ 6.3 చేరడానికి 15 గ్రాములు పట్టింది. పొడిని ముందు లోటాడు రసంలో కలిపి, గోరువెచ్చగా ఉన్నప్పుడే పోయాలి. వేడెక్కాక పోస్తే కార్బన్ డయాక్సైడు బుడగలతో పెనం దాటి పొంగుతుంది. పెనాలు హోటళ్లలో వాడే నాలుగంగుళాల లోతు స్టీలు ట్రేలు. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ ఉండాలి, నీరు త్వరగా పోతుంది.

80 డిగ్రీల దగ్గర ఆకుపచ్చ తెట్టు దళసరిగా కడుతుంది. మరగకముందే చిల్లుల గరిటెతో తీసేయాలి, ఒకసారి తెర్లితే లోపలికి కలిసిపోతుంది. సుద్ద వేసిన వాయిలో తెట్టు గట్టిగా, ముద్దగా వచ్చింది, తీయడం తేలిక. 105 డిగ్రీలు దాటాక మంట తగ్గించి కలుపుతూనే ఉండాలి. 109 దగ్గర, రిఫ్రాక్టోమీటరు 78 చూపినప్పుడు దించాను. అడుగంటడానికి అక్కడి నుంచి నిమిషం చాలు.

ఒక్కో వాయికి నాలుగు కిలోలకు కాస్త తక్కువ పానకం. గ్యాసు మాత్రం చూస్తే కళ్లు తిరిగాయి, వాయికి రెండున్నర కిలోల పైన. లెక్క వేసుకున్నాను. 20 లీటర్ల నుంచి 17 కిలోల నీరు ఆవిరి చేయాలి. రసాన్ని మరిగే దాకా తేవడానికి పట్టేది మొత్తం వేడిలో సుమారు ఏడో వంతే. మిగిలిందంతా నీటిని ఆవిరిగా మార్చడానికే పోతుంది, ఆ ఆవిరి గాలిలో కలుస్తుంది. పెనం మీద స్టీలు డొప్ప పెట్టి, అందులో రాగి గొట్టం చుట్టి, వచ్చే రసాన్ని ఆవిరితో ముందే వేడి చేశాను. ఇక్కడ మేపుల్ పానకం కాచేవారు చేసే పనే. బాగుంది, కానీ దాంతో ఆదా అయ్యేది ఆ ఏడో వంతులోనే.

అసలు ఆదా రావాలంటే మొదటి పెనం ఆవిరే రెండో పెనాన్ని మరిగించాలి. 100 డిగ్రీల ఆవిరి 100 డిగ్రీల దగ్గర మరిగేదాన్ని మరిగించలేదు కాబట్టి రెండో పాత్రలో గాలి లాగి ఒత్తిడి తగ్గించాలి. వాతావరణ పీడనంలో మూడో వంతుకు తగ్గితే నీరు 70 డిగ్రీలకే మరుగుతుంది. ఈ పద్ధతిని 1840ల్లోనే న్యూ ఆర్లియన్స్‌కు చెందిన నార్బర్ట్ రిల్యూ నిలబెట్టాడు. స్వెన్సన్ దానిని తన యంత్రాలతో ముందుకు తీసుకెళ్లి, తన పేరు మీదే కంపెనీ పెట్టాడు. అలాంటి బాష్పీకరణ యంత్రాలు చక్కెరతో ఆగలేదు, ఉప్పు, రసాయనాలు, కాగితం గుజ్జు మిల్లుల దాకా వెళ్లాయి. ఆయన సంపద అక్కడిది. ఇంట్లో మాత్రం మామూలు వంట పాత్రలకు వాక్యూమ్ పంపు బిగించవద్దు, లోపలికి నలిగిపోతాయి.

అక్టోబరు

మంచు పడింది, మడి ఖాళీ. ప్రెయిరీ డు సాక్ ఊరు వెళ్లి విస్కాన్సిన్ నది మీది ఆనకట్ట చూసొచ్చాను. స్వెన్సన్ నడిపించిన రెండు జలవిద్యుత్ పనుల్లో ఇది రెండోది, 1914లో పూర్తయింది. చలికాలంలో దీని దిగువ నీరు గడ్డకట్టదు, చేపల కోసం తెల్లతల గద్దలు గుంపులుగా చేరతాయి. మొదటిది కిల్‌బోర్న్, ఇప్పటి విస్కాన్సిన్ డెల్స్ ఊరు, 1909. అక్కడి ఇసుకరాతి లోయలో అడుగుభాగం నీట మునిగింది. ఆ లోయను ఫొటోలతో దేశానికి చూపిన హెచ్. హెచ్. బెన్నెట్ ఆనకట్టను వ్యతిరేకించాడు, అది పూర్తికాకముందే 1908లో పోయాడు. వృథాగా పారే నీటిని చూసి ఊరుకోలేని ఇంజినీరుకు, అదే నీటిని అందంగా చూసినవాడికి మధ్య ఇంజినీరే గెలిచాడు.

నవంబరు

పానకం చవిచూస్తూ 1917 కాగితాలు చదువుతున్నాను. అమెరికా యుద్ధంలో దిగగానే రాష్ట్ర రక్షణ మండలి ఏర్పడింది, గవర్నర్ ఫిలిప్ స్వెన్సన్‌ను దానికి అధ్యక్షుణ్ని చేశాడు. తర్వాత, దేశమంతటి ఆహార పొదుపు చూసే హెర్బర్ట్ హూవర్ కింద రాష్ట్ర ఆహార నిర్వాహకుడూ ఆయనే. వారంలో ఒక రోజు మాంసం, ఒక రోజు గోధుమ మానమని ఇంటింటికీ చెప్పాలి. చట్టం బలం తక్కువ, నచ్చజెప్పడమే ఎక్కువ. జర్మన్ మూలాలున్న జనం ఇంతమంది ఉన్న రాష్ట్రంలో, జర్మనీతో యుద్ధం కోసం మీ వంటింట్లో పొదుపు చేయండని చెప్పడం చిన్న పని కాదు. చక్కెర కొరత వచ్చింది, దాని బదులు తేనె, పానకాలు వాడమన్నారు. జొన్న పానకం మళ్లీ గౌరవం సంపాదించుకుంది, ఆయన చక్కెరగా మార్చాలని పాతికేళ్ల వయసులో తంటాలు పడ్డ ఆ పానకమే. యుద్ధం ముగిశాక హూవర్ ఆయనను ఉత్తర ఐరోపా సహాయ పనికి పంపాడు. కుర్రాడిగా వదిలి వచ్చిన సముద్రాల వైపు ఈసారి ధాన్యం పంచే అధికారిగా వెళ్లాడు.

డిసెంబరు

ఫలితాలు. సుద్ద లేని వాయి: చిక్కగా, కాస్త పులుపు, ఇనుము లాంటి చిరుచేదు, దోసెలోకి బాగుంది. సీసా అడుగున పలుకు లేదు. సుద్ద వాయి: రంగు కాస్త ముదురు, రుచి మెత్తన, అడుగున ఇసుక లాంటి పొర. భూతద్దం కింద అంచులున్న పలుకులు కనిపించాయి, సుద్ద రేణువులు కావు, నీళ్లలో వేస్తే కరిగాయి. సీసాను గోరువెచ్చని చోట పెట్టి, చిటికెడు మెత్తని చక్కెర విత్తనంగా వేసిన సీసాలో ఇంకా ఎక్కువ. కానీ వీటిని పానకం నుంచి విడదీయడం నాకు చేతకాని పని. గుడ్డలో పోస్తే జిగురు అడ్డుకుంటుంది. జొన్న రసంలోని పిండి, జిగురు పదార్థాలే దీనికి కారణం. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం చక్కెరకు పౌండుకు 2 సెంట్లు ప్రోత్సాహకం ఇచ్చినా జొన్న చక్కెర నిలవలేదు, బీట్ చక్కెర దానిని పక్కకు నెట్టేసింది.

పానకమే కావాలనుకునేవారికి ఒక మాట: పలుకు కట్టకపోవడం మీకు మేలు, కాబట్టి సుద్ద వద్దు. కోసిన కాడలను నాలుగైదు రోజులు నీడలో ఉంచి గానుగ ఆడితే సుక్రోజు కొంత విడిపోయి పానకం సీసాలో గడ్డకట్టదు. చక్కెర కావాలంటే ఇందుకు పూర్తిగా తలకిందులు: కోసిన రోజే గానుగ, గానుగ దగ్గరే సుద్ద.

వచ్చే ఏడాదికి విత్తనం రెండు పెద్ద కంకుల నుంచి దాచాను, మిగతావి పెద్దాయన కోళ్లకు వెళ్లాయి. బిళ్లల పద్ధతిలో సుద్ద మొదటి గిన్నె నుంచే వేసి, గిన్నెలు ఆరుకు పెంచాలి. చేత్తో తరగడం మాత్రం మళ్లీ చేయను, ఎక్కడైనా పాత చొప్ప కట్టర్ దొరుకుతుందేమో వెతుకుతున్నాను.