ఎక్స్‌బాక్స్ వన్ ఆవిష్కరణ: అడిగింది స్పష్టం, ఇస్తామన్నది అస్పష్టం

కొత్త వీడియో గేమ్ కన్సోల్ ఆవిష్కరణ గేమర్లకు నచ్చని ప్రతిసారీ ఎవరో ఒకరు 2013 నాటి మైక్రోసాఫ్ట్ కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్ ఊసు ఎత్తి తీరతారు. ఆ ఏడాది మే 21న రెడ్‌మండ్‌లోని తన ప్రాంగణంలో మైక్రోసాఫ్ట్ దాదాపు గంటసేపు జరిపిన కార్యక్రమం గురించి ఇప్పటికీ ఎక్కువమంది చెప్పుకునేది, ఆటల యంత్రాన్ని చూడడానికి రమ్మని పిలిచి టీవీ గురించి మాట్లాడారనే. అది నిజమే. నోటిమాటతో చానెల్ మార్చడం, అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌తో ఒప్పందం, స్టీవెన్ స్పీల్‌బర్గ్ ప్రమేయంతో హేలో ఆట ఆధారంగా టీవీ ధారావాహిక అంటూ సాగిన ఆ సభలో, ‘టీవీ’ అన్న మాట వినిపించిన చోట్లన్నీ కత్తిరించి అతికించిన వీడియో ఒకటి ఆ రోజుల్లో చేతులు మారుతూ తెగ నవ్వించింది. అక్కడే చూపించిన కాల్ ఆఫ్ డ్యూటీ ఘోస్ట్స్ ఆటలోని కుక్క మీద పేలిన జోకులకైతే లెక్కే లేదు. తొలి ఏడాదిలో ఎక్స్‌బాక్స్‌కే ప్రత్యేకమైన ఆటలు 15 వస్తాయని, వాటిలో 8 ఏ పాత సిరీస్‌కూ చెందని కొత్తవని అదే వేదిక మీద మైక్రోసాఫ్ట్ గేమ్ స్టూడియోల అప్పటి అధిపతి ఫిల్ స్పెన్సర్ చెప్పిన సంగతి మాత్రం ఎవరికీ గుర్తులేదు.

అయినా ఆ ఆవిష్కరణ మీద గేమర్లు చేసిన గొడవకు మూలం టీవీ అంటే నేను ఒప్పుకోను. అదే ఏడాది ఫిబ్రవరి 20న సోనీ ప్లేస్టేషన్ 4ను ఆవిష్కరించినప్పుడు అసలు యంత్రాన్నే చూపించలేదు. కంట్రోలర్‌ను చూపించి సభ ముగించింది. గేమర్లు దాన్నీ ఎగతాళి చేశారు గానీ, ఆ ఎగతాళిలో కోపం లేదు. చూపించవలసింది చూపించకపోతే మరో నాలుగు నెలలు ఆగవచ్చు. కొన్న ఆట మీద తమకున్న హక్కేమిటో తేలకపోతే మాత్రం ఆగలేరు. మే 21 సభ ముగిసిన వెంటనే సెకండ్‌హ్యాండ్ డిస్కుల గురించి, ఇంటర్నెట్ అవసరం గురించి అడిగిన విలేకరులకు సంస్థ ప్రతినిధులు ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెప్పారు. అగ్గి రాజుకున్నది అక్కడ.

జూన్ 6న మైక్రోసాఫ్ట్ నియమాలను లిఖితపూర్వకంగా ప్రకటించింది. ఆ ప్రకటనను ఇవాళ మళ్లీ చదివినా దాని స్వభావం ఇట్టే తెలిసిపోతుంది. సొంత కన్సోల్ మీద 24 గంటలకు ఒకసారి, వేరొకరి కన్సోల్ మీద సొంత ఖాతాతో ఆడుతుంటే గంటకు ఒకసారి, యంత్రం సంస్థ సర్వర్లతో మాట్లాడి అనుమతి తెచ్చుకోవాలి. లేకపోతే ఆటలు ఆగిపోతాయి, టీవీ, బ్లూ రే సినిమాలు మాత్రం నడుస్తాయి. డిస్కును స్నేహితుడికి ఇచ్చేయవచ్చు, అయితే ఆ స్నేహితుడు కనీసం 30 రోజులుగా మన ఫ్రెండ్స్ జాబితాలో ఉండాలి, ఒక ఆటను ఒక్కసారి మాత్రమే ఇవ్వాలి. అరువిచ్చి వెనక్కి తీసుకోవడం, అద్దెకు తెచ్చుకోవడం మొదట్లో కుదరవు. పాత ఆటను దుకాణంలో మార్చుకోనివ్వాలా వద్దా అన్నది ఆ ఆట ప్రచురణకర్త ఇష్టం. వీటిలో ఏ ఒక్కటీ అర్థం కాకుండా లేదు. గంటలు, రోజులు, ఎన్నిసార్లు అన్న లెక్కలన్నీ న్యాయవాది రాసిన పత్రంలో ఉన్నంత కచ్చితంగా ఉన్నాయి.

అదే ప్రకటనలో కుటుంబ సభ్యులుగా 10 మందిని చేర్చుకుని, వాళ్లంతా ఎక్కడి నుంచైనా మన ఆటలన్నిటినీ ఆడుకునే సదుపాయం కూడా ఉంది. డిస్కు ఇన్‌స్టాల్ చేశాక దాన్ని మళ్లీ యంత్రంలో పెట్టనక్కరలేదన్న సౌకర్యమూ ఉంది. అప్పట్లో మైక్రోసాఫ్ట్ పక్షాన వాదించిన నా మిత్రుడొకరు ఈ రెంటినే పట్టుకుని, డిస్కుల కాలం ఎలాగూ ముగుస్తుందని, పీసీ మీద స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆటను అమ్ముకోలేకపోయినా ఎవరూ గోల చేయడంలేదని, మరి కన్సోల్ దగ్గరే ఎందుకీ పట్టుదలని అడిగేవారు. ఆ ప్రశ్న తీసిపారేయదగినది కాదు. కానీ స్టీమ్‌లో హక్కులు వదులుకున్నందుకు ప్రతిఫలంగా భారీ తగ్గింపు ధరలు కళ్ల ముందు కనిపించేవి. ఇక్కడ ఆ 10 మందీ ఒకేసారి ఆడవచ్చా, పూర్తి ఆట ఆడవచ్చా, ప్రచురణకర్త కాదంటే ఏమిటి అన్న ప్రశ్నలకు స్థిరమైన సమాధానం రాలేదు. మనం వదులుకోవలసింది గంటలతో సహా లెక్క కట్టి చెప్పి, మనకు దక్కేదాన్ని ఊహకు వదిలేశారు. బేరంలో ఇంతకన్నా పెద్ద లోపం ఏముంటుంది?

ఇందులో కాలం కూడా కలిసిరాలేదు. అమెరికా ప్రభుత్వ నిఘా కార్యక్రమాల గురించి ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన పత్రాలు పత్రికలకెక్కుతున్నది సరిగ్గా ఆ వారమే. ఆ పత్రాల్లో మైక్రోసాఫ్ట్ పేరూ ఉంది. పడకగదిలోనో హాల్లోనో నిత్యం చెవులు రిక్కించి కూర్చునే కినెక్ట్ అనే కెమెరా, మైకుల పరికరం తప్పనిసరి అన్నప్పుడు జనం ఉలిక్కిపడటంలో ఆశ్చర్యం లేదు.

జూన్ 10న, అప్పట్లో ఏటా జరిగే ఆటల పరిశ్రమ వేడుక ఈ3లో కథ తేలిపోయింది. ఎక్స్‌బాక్స్ వన్ ధర 499 డాలర్లని ఉదయం ప్రకటిస్తే, సాయంత్రం సోనీ ప్లేస్టేషన్ 4 ధర 399 అంది. పాత డిస్కుల మీద కొత్త ఆంక్షలేమీ లేవని సోనీ అమెరికా విభాగం అధిపతి జాక్ ట్రెటన్ చెప్పినప్పుడు సభలో రేగిన కేకలకు ఆయన కాసేపు ఆగవలసి వచ్చింది. సోనీ విడుదల చేసిన చిన్న వీడియోలో ఆ సంస్థ అధికారి షుహేయ్ యోషిడా తన చేతిలోని ఆటను సహోద్యోగి ఆడమ్ బోయిస్‌కు అందిస్తారు, ఆయన థాంక్స్ చెబుతారు, అంతే. ఆటను పంచుకునే విధానం అదొక్కటేనని చెప్పడానికి వాళ్లకు అర నిమిషం కూడా పట్టలేదు. అటువైపు మైక్రోసాఫ్ట్‌లో ఎక్స్‌బాక్స్ విభాగం అధిపతి డాన్ మాట్రిక్ ఒక ఇంటర్వ్యూలో, ఇంటర్నెట్ లేనివాళ్ల కోసం మా దగ్గర ఒక యంత్రం ఉంది, దాని పేరు ఎక్స్‌బాక్స్ 360 అన్న అర్థంలో మాట్లాడి పుండు మీద కారం చల్లారు.

జూన్ 19న ఆంక్షలన్నీ ఎత్తేశారు, జూలై 1న మాట్రిక్ జింగా అనే ఆటల సంస్థకు వెళ్లిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. ఆంక్షలతో పాటు కుటుంబ పంపకం కూడా పోయింది. దాన్ని మాత్రమైనా ఉంచమని కోరినవాళ్ల వాదన నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది, డౌన్‌లోడ్ ఆటల వరకైనా దాన్ని ఉంచి ఉండవచ్చు. కినెక్ట్ లేని 399 డాలర్ల యంత్రం 2014 జూన్‌లో గానీ రాలేదు, అప్పటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. గేమర్లందరూ తమ డిజిటల్ లైబ్రరీలు నిర్మించుకున్న తరంలోనే తాము ఓడిపోయామని 2023లో స్పెన్సర్ అన్నారు. డిజిటల్ భవిష్యత్తును ముందే ఊహించిన సంస్థ, ఆ భవిష్యత్తు వచ్చేసరికి వెనకబడి ఉంది.

అప్పటి తగవు ముగియలేదనడానికి ఈ మధ్య సాక్ష్యాలు చాలానే ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5 ప్రో ధర 699.99 డాలర్లని, డిస్క్ డ్రైవ్ విడిగా కొనుక్కోవాలని చెప్పినప్పుడు వచ్చిన విసుగు అలాంటిదే. దాని రూపశిల్పి మార్క్ సెర్నీ పాత యంత్రం చిత్రాన్నీ కొత్త యంత్రం చిత్రాన్నీ పక్కపక్కన పెట్టి, దూరాన ఉన్న జనసమూహాన్ని పెద్దది చేసి చూపిస్తే తప్ప తేడా తెలియలేదని చాలామంది వాపోయారు.

నింటెండో వ్యవహారం మరింత ఆసక్తికరం. 2025 ఏప్రిల్‌లో స్విచ్ 2 కన్సోల్ వివరాలు వెల్లడైనప్పుడు 449.99 డాలర్ల ధర మీద, మారియో కార్ట్ వరల్డ్ ఆటకు పెట్టిన 79.99 మీద గేమర్లు మండిపడి, ఆ తర్వాతి ప్రత్యక్ష ప్రసారాల చాట్‌ను ‘ధర తగ్గించండి’ అన్న నినాదంతో నింపేశారు. జూన్‌లో అమ్మకాలు మొదలయ్యాక తొలి 4 రోజుల్లోనే 35 లక్షల యంత్రాలు అమ్ముడయ్యాయి. కోపమంతా ఉత్తదేనని దీన్నిబట్టి తేల్చేసినవాళ్లతో నేను ఏకీభవించను. ఏమి ఇచ్చి ఏమి పుచ్చుకుంటున్నారో తెలిసి కొన్నారు, అంతే. డౌన్‌లోడ్ ఆటను కుటుంబ బృందంలోని ఒకరికి 2 వారాలు అరువిచ్చే వర్చువల్ గేమ్ కార్డులను అదే నింటెండో తెచ్చినప్పుడు, ఆ 2 వారాల గడువు మీద పెద్ద రగడేమీ జరగలేదు. గేమ్ కీ కార్డుల మీద మాత్రం వాదన ఇంకా నడుస్తోంది. వాటిలో ఆట ఉండదు, డౌన్‌లోడ్ చేసుకునే అనుమతి మాత్రమే ఉంటుంది. కార్డును అమ్ముకోవచ్చు, అరువివ్వవచ్చు. డౌన్‌లోడ్ తప్పదన్న సంగతి అట్ట మీద ముద్రించి మరీ చెబుతారు. ఆ నిజాయితీని నేను మెచ్చుకుంటాను. అయినా ఇరవై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ కార్డును పాత సామాన్ల దుకాణంలో కొని యంత్రంలో పెడితే, ఆటను పంపవలసిన సర్వర్ అప్పటికి ఉంటుందా అన్నది అట్ట మీద రాసి ఉండదు. నేను అట్టలు తిప్పి చూసి కొనేది అందుకే.