ముందు హ్యాంగర్, తర్వాతే సైకిల్

ఆగస్టు, మొదటి ఆదివారం

తాటిపూడి దాకా వెళ్లొచ్చాను. తిరిగొచ్చాక పాత సైకిల్‌ని వీధి చివరి కిరాణా కొట్లో బియ్యం బస్తాలు తూచే కాటా మీద పెట్టించాను. పెడళ్లతో, సీసా స్టాండుతో కలిపి 10.8 కిలోలు. అల్యూమినియం ఫ్రేము, ఎనిమిది గేర్ల షిమానో క్లారిస్ సెట్టు, రిమ్ బ్రేకులు. ఆరేళ్లయింది, ఇంతవరకూ నన్నెక్కడా దిగబెట్టలేదు. అయినా ఈ ఏడాది కార్బన్ పోగుతో చేసిన ఫ్రేము సైకిల్ కొనాలని మనసు పీకుతోంది.

చేతిలో ఉన్నది లక్షన్నర. పేరున్న కంపెనీల కార్బన్ సైకిళ్ల ధర అడిగితే, విశాఖలో నేను తిరిగిన కొట్లన్నీ అంతకు మించే చెప్పాయి. ఆ డబ్బుకి కార్బన్ ఫ్రేము, డిస్క్ బ్రేకులు, పన్నెండు గేర్ల షిమానో 105 సెట్టు కలిపి ఇస్తామంటున్నది చైనాలోని షియామెన్ కంపెనీ ఒకటి. విజయనగరంలో ఆ పేరు విన్నవాళ్లు నాకు తగల్లేదు. దాని పేరు ఇక్కడ రాయను. ఇంకా ఎక్కి తొక్కని సైకిల్ గురించి మంచైనా చెడైనా నా నోటివెంట రావడం న్యాయం కాదు.

ముందు నా పిచ్చి ఎంత ముదిరిందో లెక్కేసుకున్నాను. నేను 72 కిలోలు. సైకిల్, నీళ్లు, పంచర్ సామాను కలిపితే మొత్తం 85 దాకా. కార్బన్‌తో రెండుంబావు కిలోలు తగ్గుతుందనుకుందాం. ఎత్తు ఎక్కేటప్పుడు సమయం దాదాపు మొత్తం బరువుతో పాటే తగ్గుతుంది, అంటే నూటికి 2.6. శృంగవరపుకోట వైపు నుంచి అనంతగిరి ఘాట్ ఎక్కడానికి నాకు గంటా నలభై నిమిషాలు పడుతుంది. మిగిలేది రెండున్నర నిమిషాలు. దారిలో టీ బండి దగ్గర ఆగితే అంతకు మూడింతలు పోతుంది. మరి బరువు కోసం కాదన్నమాట. నాకు కావలసింది ముందు 34 పళ్లు, వెనక 34 పళ్లు ఉన్న గేరు, వానలో ఘాట్ దిగేటప్పుడు పట్టే బ్రేకు. "అవి అల్యూమినియంలోనూ వస్తాయి కదా బావా" అన్నాడు మా బావమరిది. వస్తాయి. వాడికి సమాధానం చెప్పలేదు.

ఆగస్టు, మూడో వారం

ఫ్రేము ఎవరి అచ్చులో తయారైందో పట్టుకోవడం ఈ వారం పని. చిన్న బ్రాండ్లలో రెండు రకాలుంటాయి. కొందరు సొంతంగా అచ్చు చేయించుకుంటారు. ఇంకొందరు ఫ్యాక్టరీ ఎవరికైనా అమ్మే ఫ్రేము కొని, దాని మీద తమ రంగు, తమ పేరు వేసుకుంటారు. రెండోదాన్ని ఓపెన్ మౌల్డ్ అంటారు.

తెలుసుకోవడానికి రంగు చూస్తే లాభం లేదు, జాయింట్లు చూడాలి. సీటు కింది సన్న గొట్టాలు పెద్ద గొట్టాన్ని ఎక్కడ కలుస్తున్నాయి, ఫోర్కు భుజం ఎలా ఉంది, సీట్‌పోస్ట్ (సీటు మోసే గొట్టం) బిగించే బోల్టు ఎటువైపు. అంతకంటే గట్టి ఆధారం కొలతల పట్టిక. స్టాక్ (పెడళ్ల ఇరుసు నుంచి హ్యాండిల్ గొట్టం పైదాకా ఎత్తు), రీచ్ (అక్కడికే ముందుకున్న దూరం), చైన్‌స్టే (వెనక చక్రం దాకా పోయే కింది గొట్టం) పొడవు అన్ని సైజుల్లోనూ మిల్లీమీటరు తేడా లేకుండా కలిస్తే అవి ఒకే కడుపున పుట్టినవే. నాలుగు రాత్రులు కూర్చుని పట్టికలు ఎక్సెల్‌లో పక్కపక్కన పెట్టాను. నేను చూస్తున్న ఫ్రేము మరో రెండు పేర్లతో కూడా అమ్ముడవుతోంది.

మొదట మోసపోయినట్టు అనిపించింది. నెమ్మదిగా ఆలోచిస్తే నాకిది మేలే. రేపు ఈ కంపెనీ దుకాణం కట్టేసినా, అదే హ్యాంగర్ (వెనక గేరు మార్చే డీరెయిలర్ వేలాడే చిన్న ముక్క), అదే సీట్‌పోస్ట్ బిగించే గుటకం మిగతా ఇద్దరి దగ్గరా ఉంటాయి. సొంత అచ్చని గొప్పగా చెప్పుకునే ఫ్రేముకి ఆ ధీమా లేదు.

సెప్టెంబరు

"T800 కార్బన్" అని ప్రతి ప్రకటనలోనూ పెద్దక్షరాలు. ఇది జపాన్ కంపెనీ టోరే తన పోగుకు పెట్టుకున్న గ్రేడు. T700S పోగు బలం 4,900 మెగాపాస్కల్స్, బిగువు 230 గిగాపాస్కల్స్. T800S అయితే 5,880, 294. అంకెలు నిజమే. కానీ అవి పోగువి, ఫ్రేమువి కావు. జిగురు పూసిన కార్బన్ గుడ్డను వందల ముక్కలుగా కోసి, ఏ ముక్క ఏ కోణంలో ఎన్ని పొరలు పడాలో చూసి చేత్తో పేరుస్తారు. లోపల బుడగ పెట్టి గాలి నింపి, అచ్చును వేడి చేస్తారు. పొర ముడత పడినా, లోపల గాలి చిక్కినా పోగు గ్రేడు కాపాడదు. మన పొందూరు ఖద్దరు తెలిసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. నూలు ఎంత సన్నమైనా పంచె నిలిచేది మగ్గం మీది చేతిని బట్టే.

అందుకని గ్రేడు వదిలేసి పరీక్ష కాగితం అడిగాను. సైకిళ్లకి ISO 4210 ప్రమాణం ఉంది, ఫ్రేము, ఫోర్కుల పరీక్షలు అందులో 6వ భాగం. రేసింగ్ సైకిల్ ఫ్రేముకి పెడళ్ల దగ్గర 1,100 న్యూటన్ల బలంతో లక్ష సార్లు తొక్కించి చూస్తారు. అంటే 112 కిలోల మనిషి ఒక్కో పెడల్ మీద నిలబడి తొక్కుతూ పోయినట్టు. 22.5 కిలోల దిమ్మ పై నుంచి పడేసి ఫోర్కు వెనక్కి ఎంత వంగిందో కొలుస్తారు. వాళ్లు పంపింది ఒక్క పేజీ. ఫ్రేము ఫొటో లేదు, ఏ సైజుని పరీక్షించారో లేదు, ల్యాబ్ పేరు మాత్రం ఉంది. పూర్తి నివేదిక అడిగాను. "చైనా సెలవుల తర్వాత పంపుతాం" అని బదులొచ్చింది.

UCI స్టిక్కరు ఉందని కూడా చెప్పారు. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య 2011 నుంచి ఫ్రేములకి ఇచ్చే ఆమోదం అది, జాబితాలో వెతికితే మోడల్ దొరికింది కూడా. అయితే అది ఆకారం, కొలతలు పోటీ నియమాలకు సరిపోతాయని చెప్పేది. బలపరీక్షకు అది బదులు కాదు. నాకు పోటీలెక్కడివి, అనంతగిరి తప్ప.

నెలాఖరున ఇంకో చిక్కు. సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద GST 12 నుంచి 5 శాతానికి దిగింది. విశాఖ కొట్టులో అల్యూమినియం డిస్క్ సైకిల్ ధర తగ్గింది. బావమరిది ఫోన్ చేసి మరీ చెప్పాడు.

అక్టోబరు, సిరిమాను వారం

ఊరంతా పైడితల్లమ్మ జాతర జనం, సైకిల్ బయటికి తీసే వీల్లేదు. ఇంట్లో కూర్చుని సైజు తేల్చాను. గోడకి ఆనుకుని, కాళ్ల మధ్య అట్టముక్క గట్టిగా పైకి పట్టి కొలిస్తే లోపలి కాలు పొడవు 79 సెంటీమీటర్లు. దాన్ని 0.883తో హెచ్చిస్తే 69.8. బీబీ (పెడళ్ల ఇరుసు తిరిగే గూడు) మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన ఎత్తు అది. నా పాత సైకిల్ మీద టేపు పెడితే 69.5, మూడు మిల్లీమీటర్ల తేడా.

ఇబ్బంది అక్కడ కాదు, హ్యాండిల్ దగ్గర. పాతదాని స్టాక్ 560, రీచ్ 378. కొత్తదాని 52 సైజులో 535, 380. అంటే హ్యాండిల్ రెండున్నర సెంటీమీటర్లు కిందికి పోతుంది. నలభై మూడేళ్ల నడుముకి రెండున్నర సెంటీమీటర్లు చిన్న విషయం కాదు. బజారు స్పేసర్లు (హ్యాండిల్ కింద వేసే రింగులు) వేసి లేపుదామంటే, బ్రేకు గొట్టాలు స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టే కొమ్మ) లోపలి నుంచి పోయే ఈ రకం ఫ్రేముకి వాళ్ల ఆకారం స్పేసర్లే పట్టాలి. స్టీరర్ గొట్టం (ఫోర్కు నుంచి హ్యాండిల్ దాకా పైకి వచ్చేది) ముందే కోసి పంపారంటే ఇక అంతే. "కోయకుండా పంపండి" అని మెయిల్ పెట్టాను. సరేనన్నారు.

దాసన్నపేట వైపు నా పాత సైకిల్ చూసే మేస్త్రి దగ్గరికి ఫోన్లో ఫొటోలు పట్టుకెళ్లాను. కళ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"ఇది ఇరిగితే ఏటి సేస్తావు బాబూ? ఎల్డింగు పట్టదు కదేటి?"

"విరగకుండా వాడాలి మేస్త్రీ. బోల్టులు కూడా కొలిచి బిగించాలి, 5 న్యూటన్ మీటర్లే."

"బోల్టు బిగించడానికి కొలతేటి! సెయ్యి సెప్పదా?"

ఆయన చెయ్యి ఇనుముకి నలభై ఏళ్లుగా నిజమే చెప్పింది. కార్బన్ సీట్‌పోస్ట్‌కి అదే చెయ్యి పడితే పగులు. టార్క్ రెంచ్, ఇసుకలా గరుకుగా ఉండే కార్బన్ పేస్టు నా ఖర్చుల పట్టీలో చేరాయి. సైకిల్‌ని స్టాండుకి తగిలించేటప్పుడు పై గొట్టాన్ని బిగించకూడదని, సీట్‌పోస్ట్‌నే పట్టించాలని ఆయనకి రెండుసార్లు చెప్పాను. నవ్వి ఊరుకున్నాడు.

ఆయన ఇంకో మాటన్నాడు. "సామాను దొరక్కపోతే బండి ఎంత బాగున్నా గోడకే." అప్పటిదాకా నా ప్రశ్నలన్నీ ఫ్రేము చుట్టూనే తిరిగాయి.

అక్టోబరు చివర

మొంథా తుఫాను వానకి మూడు రోజులు బయటికి పోలేదు. మేస్త్రి మాట పట్టుకుని కంపెనీకి కొత్త ప్రశ్నలు పంపాను. వచ్చినవి నోటు పుస్తకంలో ఇలా రాసుకున్నాను.

బీబీ ప్రెస్‌ఫిట్ 86. మర లేని గూడులో నొక్కి దింపాలి, గూడు లోపలి వ్యాసం 41 మిల్లీమీటర్లు. నాకు మర ఉన్న BSA రకం ఇష్టం. మరతో విప్పుకోవచ్చు, కుడి వైపుది ఎడమకి తిప్పితే బిగిసే తిరగలి మర అన్న సంగతి గుర్తుంటే చాలు. ప్రెస్‌ఫిట్‌లో వాన నీళ్లు, సన్న ఇసుక చేరితే కిర్రుమంటుంది. పొడవాటి మరకడ్డీ, రెండు మందపాటి వాషర్లతో నొక్కే పనిముట్టు ఇంట్లో చేసుకోవచ్చు. సుత్తి మాత్రం ఎవరి చేతికీ ఇవ్వను. హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోటి బేరింగులు) కింది బేరింగు బయటి వ్యాసం 52 మిల్లీమీటర్లు, మామూలు రకమే. చింతపల్లి బీచ్ వైపు తిరిగేవాడిని కనుక ఉప్పుగాలికి ముందు పోయేది అదే. టైరు 32 మిల్లీమీటర్ల వెడల్పు వరకు పడుతుంది. మన రోడ్లకి 28 చాలదు. ఇరుసులు ముందు 12×100, వెనక 12×142, అందరివీ అవే.

హ్యాంగర్ మాత్రం సొంత రకం. స్రామ్ కంపెనీ 2019లో తెచ్చిన అందరికీ పనికొచ్చే UDH కాదు. హ్యాంగర్ ఉన్నదే, సైకిల్ కుడివైపు పడితే ఫ్రేము బదులు తాను వంగడానికి. అది వంగిందంటే దొరికేదాకా సైకిల్ గోడకే.

రెండు ప్రశ్నలు దాటేశారు. పూర్తి పరీక్ష నివేదిక ఒకటి. వారంటీలో ఫ్రేము వెనక్కి పంపాల్సొస్తే ఆ రవాణా ఖర్చు ఎవరిదన్నది రెండోది. మళ్లీ అడిగితే తయారీ లోపమైతే కొత్త ఫ్రేము తామే పంపుతామని, పాతది చేరవేసే ఖర్చు నాదని ఒప్పుకున్నారు. కనీసం నిజం చెప్పారు.

నవంబరు

సైకిల్ కాకుండా రెండు హ్యాంగర్లు, ఒక సీట్‌పోస్ట్ గుటకం మాత్రం ఆర్డర్ చేశాను. మా ఆవిడ బిల్లు చూసి "సైకిల్ లేకుండా దాని తోకెందుకు?" అంది. తోక ఎన్నాళ్లకి వస్తుందో చూస్తే ఒళ్లు సంగతి తెలుస్తుందన్నాను.

బయటి దేశం పార్శిల్‌కి కొరియర్ వాళ్లు ముందు KYC అడుగుతారు, ఆధార్ పంపాను. కస్టమ్స్ సుంకం వస్తువు ధర మీదే కాదు, రవాణా, బీమా కలిపిన విలువ మీద. దాని పైన మళ్లీ IGST. ఈ లెక్క మరిచిపోయి లక్షన్నర అనుకున్నాను. సైకిల్‌కి కొరియర్ వాళ్లనే అంచనా అడిగి రాసుకుంటే నా బడ్జెట్ చాలడం లేదు. చక్రాలు వాళ్ల కార్బన్‌వి వద్దు, అల్యూమినియంవి పెట్టమన్నాను. లెక్క మళ్లీ దగ్గరికొచ్చింది.

డిసెంబరు, రెండో వారం

పార్శిల్ ఇరవై ఆరో రోజున ఇంటికొచ్చింది. గుటకం సరైనదే. హ్యాంగర్లు రెండూ ఒకే పొట్లంలో ఉన్నా వాటి మందం ఒకటి కాదు. వెర్నియర్‌తో కొలిస్తే ఒకటి 6.0, ఇంకొకటి 5.7. ఫొటో తీసి పంపితే ఒక్కరోజులో క్షమాపణ, మరోటి ఉచితంగా పంపుతామన్న మాట వచ్చాయి. ఏది ఫ్రేముకి సరిపోయేదో మాత్రం డ్రాయింగు పంపి చెప్పమన్నాను. పంపారు, 6.0.

ఆ సరైనదాన్ని మా వీధి లేత్ మేస్త్రికి చూపించాను. అటూ ఇటూ తిప్పి, "అల్యూమినియం ముక్క తెస్తే దీన్లాంటిది మిల్లింగులో తీసీగల్ను బాబూ. ఆ సన్న మర ఒక్కటే టాప్ కావాల" అన్నాడు. M10, మర గీతల మధ్య దూరం ఒక మిల్లీమీటరు. హ్యాంగర్‌కి బిగించే డీరెయిలర్లలో దాదాపు అన్నిటిదీ అదే మర. మర కోసే ఆ టాప్ నేను తెప్పిస్తానన్నాను.

పూర్తి పరీక్ష నివేదిక ఇంకా రాలేదు. అది వస్తేనే బయానా కడతానని మెయిల్ పెట్టాను. ఇరవై ఆరు రోజులు, లేత్ మేస్త్రి, స్టీరర్ కోయకుండా 52 సైజు: ఇప్పటికి పుస్తకంలో ఉన్నవి ఇవి. ఆదివారం పాత సైకిల్ మీద రామతీర్థం పోతున్నాను, వెనక బ్రేకు దిమ్మలు మార్చాలి.