లోడు పడిన శబ్దం

శనివారం.

బాబాయి నిన్న రాత్రి గుంటూరు నుంచి వచ్చారు. ఇవాళ ఆయనకు కంటి పరీక్ష. గ్యాస్ బుక్ చేయాలి, దోసెల పిండి రుబ్బాలి, కారు టైర్లకు గాలి పట్టించాలి అని వారమంతా వాయిదా వేసిన పనులన్నీ శనివారం నెత్తినే వచ్చి కూర్చున్నాయి. గాలి ఒక్కటే అయింది. పిండి బయట కొన్నాను. పులుపు ఎక్కువగా ఉంది, బాబాయి మర్యాదకు ఏమీ అనలేదు.

మధ్యలో బుర్రలో తిరుగుతున్నది మాత్రం నిన్న సాయంత్రం ఆఫీసు పక్క టీ కొట్టు దగ్గర జరిగిన వాదన. నా స్నేహితుడికీ నాకూ ఉమ్మడిగా ఉన్న విషయాలు తక్కువ. జీతాల గురించి మాట్లాడుకుంటాం, అది త్వరగా తేలిపోతుంది. ఆ తర్వాత ఫియర్ ఫ్యాక్టరీ. అది తేలదు.

ఫియర్ ఫ్యాక్టరీ లాస్ ఏంజెలెస్‌లో పుట్టిన ఇండస్ట్రియల్ మెటల్ బృందం, అంటే భారీ గిటార్ల రాక్‌కు యంత్రాల హోరు కలిపి వాయించేవాళ్లు. మనిషికీ యంత్రానికీ మధ్య గొడవ తప్ప వీళ్లకు వేరే కథ తెలియదు, అదే కథను ముప్ఫై ఏళ్లుగా చెబుతున్నారు. 1995లో వచ్చిన 'డిమాన్యుఫాక్చర్' వాళ్లకు పేరు తెచ్చింది. బర్టన్ సి. బెల్ చరణంలో గొంతు చించుకుని అరిచి, పల్లవికి వచ్చేసరికి చర్చిలో పాడుతున్నట్టు సాఫీగా ఎత్తుకుంటాడు. డీనో కజారెస్ గిటారు మీటు ఎక్కడ పడితే సరిగ్గా అక్కడే రేమండ్ హెరేరా కాలికింది డ్రమ్ము పడుతుంది. వెంట్రుక వాసి తేడా కూడా ఉండదు. మొదటిసారి విన్న చాలామంది అది డ్రమ్ మషీనే అనుకున్నారు. కాదు, మనిషే. డ్రమ్ముకు ట్రిగ్గర్లు, అంటే దెబ్బ పడగానే ముందే దాచిన శబ్దాన్ని మోగించే పరికరాలు, తగిలించి శబ్దాన్ని లోహంలా మార్చారు కానీ తొక్కింది మాత్రం మనిషి కాలే. 1998లో 'ఆబ్సొలీట్' వచ్చింది. అందులో యంత్రాల పాలన మీద తిరగబడిన ఎడ్జ్‌క్రషర్ అనే మనిషిని సెక్యూరిట్రాన్ అనే నిఘా వ్యవస్థ వెంటాడుతుంది. పాటకూ పాటకూ మధ్య కథను సినిమా స్క్రిప్టులా రాసి ఆల్బమ్ పుస్తకంలో అచ్చు వేశారు. 5 లక్షల కాపీలు దాటి అమెరికాలో గోల్డ్ డిస్కు వచ్చింది దానికి. ఇంతవరకు మా ఇద్దరికీ పేచీ లేదు.

పేచీ అంతా 2012లో వచ్చిన 'ది ఇండస్ట్రియలిస్ట్' దగ్గర. హెరేరా అప్పటికి బృందంలో లేడు. 2010లో వచ్చిన 'మెకనైజ్'కు జీన్ హోగ్లన్ వాయించాడు, తర్వాత అతనూ లేడు. మిగిలింది బెల్, కజారెస్ ఇద్దరే. డ్రమ్మర్‌ను వెతుక్కోకుండా, జాన్ సాంకీ అనే డ్రమ్మర్ సాయం తీసుకుని, డ్రమ్ములన్నీ కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేసేశారు. ఈసారి కథ యంత్రం వైపు నుంచి సాగుతుంది. మనిషికి సేవ చేయడానికి తయారైన ఒక ఆటోమటాన్, అంటే తనంతట తానే పనిచేసే యంత్రం, చూసి, నేర్చుకుని, జ్ఞాపకాలు కూడబెట్టుకుంటూ చివరికి స్పృహలోకి వస్తుంది. వచ్చాక తన ఉనికి కోసం తానే పోరాడుతుంది. దాంతో అభిమానులు రెండుగా చీలిపోయారు. యంత్రం కథకు యంత్రమే తాళం వేయడం సబబని ఒక పక్షం. డబ్బు ఆదా చేసుకోవడానికి కథను అడ్డం పెట్టుకున్నారని ఇంకో పక్షం. 2023లో మైక్ హెల్లర్ చేత డ్రమ్ములు మళ్లీ వాయించి 'రీ-ఇండస్ట్రియలైజ్డ్' పేరుతో అదే ఆల్బమ్‌ను తిరిగి విడుదల చేశారు. తగవు తీరుతుందనుకుంటే, ఇప్పుడు రెండు ఆల్బమ్‌లను పక్కపక్కన పెట్టుకుని కొట్టుకునే వీలు దొరికింది.

నా స్నేహితుడు మొదటి పక్షం. అతని వాదనలో పస లేకపోలేదు. బర్మింగ్‌హామ్‌కు చెందిన గాడ్‌ఫ్లెష్ 1989లోనే డ్రమ్ మషీన్ పెట్టుకుని 'స్ట్రీట్‌క్లీనర్' చేసింది, ఈ సంగీతానికి అది మూలస్తంభం. అంతకు ముందు షికాగోలో బిగ్ బ్లాక్ వాళ్లు తమ డ్రమ్ మషీన్‌ను రోలాండ్ అనే పేరుతో సభ్యుడిలా అట్ట మీద వేసుకున్నారు. "వాళ్లు చేస్తే కళ, వీళ్లు చేస్తే మోసమా?" అంటాడు. నేను రెండో పక్షం. నా దగ్గర ఉన్న మాటల్లా "అందులో ప్రాణం లేదు" అన్నదే. "యంత్రానికి ప్రాణం ఎందుకు ఉంటుందయ్యా?" అని టీ గ్లాసు కింద పెట్టేశాడు నిన్న. దానికి నా దగ్గర జవాబు లేదు. చెవికి తెలుస్తోంది, నోటికి రావడం లేదు. అంతకన్నా చిరాకైన స్థితి ఇంకొకటి ఉండదు.

ఆస్పత్రిలో పదిన్నరకు రమ్మన్నారు. పదిన్నరకు వెళ్తే తెలిసింది, అందరినీ పదిన్నరకే రమ్మన్నారని. ఒక అమ్మాయి వచ్చి బాబాయి కళ్లలో చుక్కలు వేసి, కనుపాప పెద్దదయ్యేదాకా కళ్లు మూసుకుని కూర్చోమంది. కాసేపటికి వచ్చి మళ్లీ వేసింది. బాబాయికి పేపరు లేకుండా కూర్చోవడం నరకం. చదవడానికి లేదు, టీవీ చూడటానికి లేదు. పక్కాయన మధుమేహం గురించి మొదలుపెట్టబోతే నా వైపు తిరిగి, "నీ ఫోనులో ఏదైనా పెట్టరా" అన్నారు.

"ఘంటసాల పెట్టనా బాబాయ్?"

"ఆయన పాటలు నాకు కంఠతా వచ్చు. నువ్వు వినేది పెట్టు."

బాబాయి స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్స్ ఫిట్టరుగా చేరి అక్కడే రిటైరయ్యారు. చిన్నప్పుడు ఒకసారి మిల్లు చూపించడానికి తీసుకెళ్లారు. నూలు వడికే రింగ్ ఫ్రేముల వరుస మధ్య నిలబడితే పక్కన మనిషి చెప్పేది వినబడదు. ఆయన మాత్రం స్క్రూడ్రైవర్ మొన బేరింగ్ హౌసింగ్ మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకు నొక్కి పట్టుకుని, కళ్లు మూసుకుని వినేవారు. అంత రొదలో ఏ బేరింగు పోబోతోందో పట్టేసేవారు. గ్రీజుతో సరిపోతుందా, మార్చాల్సిందేనా అన్నది కూడా అక్కడే తేలిపోయేది. ఇవాళ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకోగానే ముఖంలో సరిగ్గా అదే కవళిక.

ముందు 'ది ఇండస్ట్రియలిస్ట్'లోని 'రీఛార్జర్' అనే పాట, 2012 నాటిది, పెట్టాను. ఏ ఏడాదిదో నేను చెప్పలేదు.

కొంతసేపు విని, "వీడెందుకు అరుస్తున్నాడు?" అన్నారు.

"యంత్రం మీద కోపం, బాబాయ్."

"ఫిట్టరా?"

పక్కాయన కూడా నవ్వాడు. పాట అయ్యాక అదే పాట 2023 నాటిది పెట్టాను. ఈసారి కూడా నేనేమీ చెప్పలేదు. సగం పాటలోనే చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఇది అదే మిషనేనా?"

"అదే పాట. ఏమైనా తేడా ఉందా?"

"దీనికి లోడు పడింది. మొదటిది ఖాళీగా తిరుగుతోంది. బాబిన్లు ఎక్కించకుండా ఫ్రేము ఆన్ చేస్తే ఇలాగే ఉంటుంది, మంచి నున్నగా. నూలు ఎక్కాక మోటారు గొంతు మారుతుంది. దారం తెగుతుంది, ఆడపిల్లలు అతుకుతారు, మళ్లీ తెగుతుంది. మొదటి దాంట్లో ఎక్కడా దారం తెగలేదు. అలాంటి మిల్లు నేను చూడలేదు."

నేను ఏళ్ల తరబడి వెతుక్కుంటున్న మాట ఆస్పత్రి కుర్చీలో దొరికింది. లోడు! నాకు వినబడనిది ప్రాణం కాదు, బరువు. హెరేరా తొక్కుతుంటే ఆ వేగాన్ని ఒక ఒళ్లు మోస్తోందని తెలుస్తుంది. పిక్క పట్టేసే దగ్గర, ఊపిరి బిగబట్టే దగ్గర, శబ్దం మారకపోయినా మనం బిగుసుకుంటాం. యంత్రం కావాలని తంటాలు పడే మనిషి అక్కడ ఉన్నాడు. సైన్స్ ఫిక్షన్ అంతా ఆ తంటాలోనే ఉంది, అట్ట మీద బొమ్మలో లేదు. 'ది ఇండస్ట్రియలిస్ట్'లో దెబ్బలు కచ్చితంగా పడతాయి, కానీ ఏ దెబ్బకూ ఖర్చు లేదు. యంత్రాలతో బతికినవాళ్ల చెవికి అది యంత్రంలా కూడా వినిపించదన్నమాట. యంత్రాలు ఇంత శుభ్రంగా మోగుతాయని వాటిని దూరం నుంచి చూసినవాళ్లే అనుకుంటారు.

స్నేహితుడి గాడ్‌ఫ్లెష్ వాదనకు కూడా జవాబు ఇక్కడే ఉంది. ఆ బృందంలో డ్రమ్ మషీన్ నిదానంగా నడుస్తుంది. దాని మీద గిటారూ బేసూ బండరాళ్లలా పడి కూర్చుంటాయి. మషీన్ వాటిని ఈడ్చుకుంటూ పోతుంది. డ్రమ్ మషీనే, కానీ లోడు మీద ఉంది. తగవు మనిషా మషీనా అన్నది కానే కాదు.

కథ పరంగా ఇంకో ఫిర్యాదు కూడా ఉంది నాకు. ఆటోమటాన్‌కు మెల్లగా స్పృహ వస్తోందని సాహిత్యం చెబుతుంటే, తాళంలో ఆ మార్పు వినబడాలి కదా? మొదటి పాటలో ఎలా ఉందో ఎనిమిదో పాటలోనూ డ్రమ్ము అలాగే ఉంది. కథలో యంత్రం మేలుకుంది, డ్రమ్ములు వాయించే యంత్రం మేలుకోలేదు. మొదట మషీన్‌తో మొదలుపెట్టి, పాట పాటకూ కాస్త కాస్త మనిషిని కలుపుతూ పోయి ఉంటే? రెండు ఆల్బమ్‌లూ ఉన్నాయి కాబట్టి ఇంట్లో నేనే కలిపి చూసుకోవచ్చు. మొదటి సగం 2012 నుంచి, రెండో సగం 2023 నుంచి. రేపు చేసి చూస్తాను, పిండి రుబ్బే పని లేకపోతే.

బాబాయి ఇంకొకటి పెట్టమన్నారు. అదే ఆల్బమ్‌లోని 'డిఫరెన్స్ ఇంజిన్' పెట్టి ఆ పేరు కథ చెప్పాను. చార్లెస్ బాబేజ్ 19వ శతాబ్దంలో పళ్లచక్రాలతో లెక్కలు కట్టే యంత్రాన్ని గీశాడు కానీ పూర్తి చేయలేకపోయాడు. ఆయన గీసిన రెండో నమూనాను లండన్ సైన్స్ మ్యూజియం వాళ్లు 1991లో తయారుచేస్తే పనిచేసింది. కరెంటు అక్కర్లేదు, హ్యాండిల్ పట్టుకుని మనిషి తిప్పాలి.

"తిప్పేవాడు తప్పుగా తిప్పితే లెక్క తప్పు వస్తుందా?"

"రాదు. చక్రాలు దారి తప్పితే ఇరుక్కుని ఆగిపోయేలా చేశాడు. తప్పు లెక్క ఇవ్వడం కన్నా ఆగిపోవడం నయమని."

"తెలివైనవాడు" అన్నారు బాబాయి, తన డిపార్టుమెంటు మనిషిని మెచ్చుకున్నట్టు. తర్వాత పాట సంగతే మర్చిపోయి, తన మిల్లులో ఒక గేర్‌బాక్సును ఎవరో అప్రెంటిస్ కుర్రాడు బలవంతంగా తిప్పి పళ్లు విరగ్గొట్టిన కథ ఎత్తుకున్నారు. అది నాకు తెలిసిన కథే. ఈసారి విరిగిన పళ్ల సంఖ్య కాస్త పెరిగింది.

డాక్టరు పిలిచేలోగా ఆల్బమ్ చివరికి వచ్చేశాం. 'హ్యూమన్ ఆగ్మెంటేషన్' అని చివర్లో ఒకటి ఉంటుంది. దాదాపు 9 నిమిషాల పాటు హోరు, గొణుగుడు, గాలి, లోహం రాపిడి. అభిమానుల్లో దీన్ని మెచ్చుకున్నవాళ్లు అరుదు. నా స్నేహితుడు కూడా దాటేస్తాడు, నేనూ అంతే. బాబాయి మాత్రం చివరిదాకా విన్నారు, వేలితో కుర్చీ చేతి మీద ఏదో లెక్క వేసుకుంటూ.

"ఇది బ్లోరూము" అన్నారు. దూది బేళ్లు విప్పి, చెత్త దులిపి, గాలి గొట్టాల్లోంచి లాగే చోటు. "అన్నిటిలోకీ ఇదే బాగుంది. ఇదెవరు చేశారు?"

బెల్, కజారెస్‌లతో పాటు నిర్మాణం చూసుకున్న రిస్ ఫుల్బర్ పేరు కూడా చెప్పాను. ఆ పేరు ఆయనకు నోరు తిరగలేదు, పట్టించుకోలేదు కూడా.

రెండు కళ్లలోనూ శుక్లం మొదలైందట. ఇప్పుడే ఆపరేషన్ అక్కర్లేదు, ఆరు నెలల తర్వాత మళ్లీ చూపించమన్నారు. కళ్లద్దాల నంబరు మాత్రం మారింది. బయటికి రాగానే ఎండ కళ్లలోకి గుచ్చుకుంటే నా నల్ల కళ్లద్దాలు ఇచ్చాను. అవి పెట్టుకుని పార్కింగులో నిలబడితే, నిజం చెప్పాలంటే, ఆ బృందం ఫొటోలో ఒక మూల ఇరికించినా ఎవరూ అనుమానించరు.

సాయంత్రం స్నేహితుడికి ఫోను చేసి లోడు సంగతి చెప్పాను. మౌనంగా విన్నాడు. తర్వాత, సంగీతం గురించి మిల్లు ఫిట్టరు అభిప్రాయాన్ని సాక్ష్యంగా ఒప్పుకోనన్నాడు. ఇండస్ట్రియల్ మెటల్‌కు ఫిట్టరు పనికిరాకపోతే ఇంకెవరు పనికొస్తారని అడిగాను. ఆ చివరి 9 నిమిషాలు బాగుందన్న మనిషి చెవిని ఎలా నమ్మమంటావని అతను ఎదురడిగాడు. గొంతు పెరిగింది. పక్క గదిలోంచి బాబాయి, "నన్ను మాట్లాడమంటావా?" అన్నారు. ఫోను ఇచ్చేశాను. ఇప్పుడు పావుగంటగా ఆయనే మాట్లాడుతున్నారు, గేర్‌బాక్సు దాకా వచ్చారు.