నాలుగు టైర్లు, ఒక డేగ

నిన్న సాయంత్రం 18 వేలు లెక్కపెట్టి పక్కతోట ఆయన చేతిలో పెట్టి వచ్చాను. ఆ మంట ఆరకముందే రాస్తున్నాను. ఎక్కడైనా నోరు జారితే సర్దుకోండి.

మేం నలుగురం కలిసి విజయవాడ శివార్లలో, నున్న వైపు, మామిడితోట చివర 20 సెంట్లు లీజుకు తీసుకుని దెబ్బలు తగిలిన కుక్కల్ని, జనం వదిలేసిన కుక్కల్ని చూసుకుంటున్నాం. ఇప్పుడు 23 ఉన్నాయి. రోజంతా గదుల్లోనే ఉండేసరికి కొన్ని ఉన్నచోటే గుండ్రంగా తిరగడం, సొంత తోక కొరుక్కోవడం మొదలుపెట్టాయి. అందుకని 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పున కంచె వేసి, అవి ఆరుబయట ఆడుకోవడానికి చోటు చేద్దామనుకున్నాం.

డబ్బు సులువుగానే పోగైంది. కంచె వేసుకోవడానికి అభ్యంతరం లేదని ఒక కాగితం తెచ్చుకోమన్నారు. దానికోసం ఒక ఆఫీసుకు ఐదుసార్లు తిరిగాను. "కుక్కలకి పార్కా మేడం? మా పిల్లలకే లేదు" అని ఐదుసార్లూ అదే జోకు, ఐదుసార్లూ నేను నవ్వాను. మీరు వెళ్తే నవ్వకండి. నవ్వేవాళ్ళకి తీరిక ఉందనుకుని మళ్ళీ రమ్మంటారు.

నర్సరీ అతను కంచె చుట్టూ గన్నేరు పెట్టమన్నాడు, మేకలు కూడా ముట్టవట. ఎందుకు ముట్టవో ఆలోచించాలి కదా! ఆకు నుంచి వేరు దాకా విషమే, అదీ గుండె మీద పనిచేసే విషం. నోటికందిందల్లా నమిలే కుక్కల దగ్గర అదెందుకు? ఉన్న వేపచెట్టు నీడకి తోడు గ్రీన్ నెట్ కట్టించాం. ఎండాకాలంలో అదీ చాలదు. నేల మీద మీ అరచెయ్యి కాసేపు ఆనించలేకపోతే వాటి పాదాలూ కాలతాయి, పొద్దున్నే వదిలి లోపలికి తెచ్చేయాలి. ఇంకో మాట, టీకాలు పూర్తికాని కుక్కపిల్లల్ని అసలు దింపొద్దు. వాటి ప్రాణం తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. గచ్చునైతే బ్లీచింగ్ నీళ్ళతో కడగొచ్చు, మట్టినేం చేస్తాం?

కంచె దగ్గర మాత్రం మేస్త్రీని ఏడిపించాను. పైకి ఆరడుగుల మెష్ చాలదు, కింద అడుగు లోతు తవ్వి, రెండడుగుల ముక్కని లోపలివైపు మడిచి రాళ్ళేసి పూడ్చాలన్నాను. కుక్క కంచెకి ఆనుకునే తవ్వుతుంది, వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. "ఏనుగులకి కడుతున్నామా మేడం?" అన్నాడు. రెండు గేట్లు, మధ్యలో మనిషీ కుక్కా పట్టేంత చోటు, ఒకటి మూశాకే రెండోది తీయాలి. దానికీ సణిగాడు. నేను లేనప్పుడు పని దాటేస్తాడని నాకప్పుడే అనుమానం.

ఆటోనగర్ నుంచి పాత లారీ టైర్లు తెప్పించాను. నీళ్ళు నిలిచి దోమలు పెట్టకుండా కన్నాలు కొట్టించి, రంగులేయించి, వేపచెట్టు పక్క మూలలో మెట్లలా పేర్చింది నేనే. ఆ ఫొటోకి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చినన్ని మెచ్చుకోళ్ళు నా ప్రమోషన్‌కి కూడా రాలేదు.

పదో రోజు పొద్దున ఏడింటికి మా కుక్కల్లో చుక్కమ్మ కనబడలేదు. రెండు గేట్లకీ గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఎక్కడా గొయ్యి లేదు. వెతుకుతూ ఉండగానే పక్కతోటలోంచి కేకలు.

అక్కడ చెట్టుకింద కాలికి తాడు కట్టి ఉన్న డేగ చచ్చి పడుంది. డేగంటే పందెంకోళ్ళలో ఒక రకం, సంక్రాంతికి బాదంపప్పు పెట్టి మేపుతున్న పుంజు. చుక్కమ్మ పక్కనే కూర్చుని, నన్ను చూసి తోకాడించింది.

పావుగంటలో పదిమంది చేరారు. పక్కతోట ఆయన 40 వేలన్నాడు. "సుప్రీంకోర్టే కుక్కల్ని ఎత్తేయమంది కదమ్మా" అన్నాడు ఒక పెద్దాయన. 2025 ఆగస్టు 11న అన్నది ఢిల్లీ ప్రాంతం గురించండీ, అదే నెల 22న మార్చారు, రేబిస్ ఉన్నవి, మీదపడి కరిచేవి తప్ప మిగతావాటిని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేసి పట్టిన చోటే వదలమన్నారు అని చెప్పబోయాను. చచ్చిన కోడి పక్కన నిలబడి కోర్టు తేదీలు చెబితే ఎవరు వింటారు! నా పక్కనున్నతను చెవిలో, "కేసు పెట్టమనండి, పందెం కోడని చెప్పుకోలేడు" అన్నాడు. నిజమే, పందేలు చట్టప్రకారం నేరం. ఆయన మాత్రం అది ముచ్చటకి పెంచుకుంటున్న కోడేనన్నాడు. కోడి కాలికి కత్తి కట్టేవాళ్ళు నా కుక్కని క్రూరమృగం అంటుంటే ఒళ్ళు మండింది.

ఆ మంటంతా మేస్త్రీ మీద చూపించాను. ఫోన్ చేసి పిలిపించి, కింద మెష్ వేయకుండా డబ్బు తిన్నాడని అందరి ముందూ అనేశాను. అతను ఏమీ అనలేదు. గునపం తెచ్చి ఒకచోట తవ్వాడు. మెష్ ఉంది. రెండోచోట తవ్వాడు, ఉంది. నాలుగుచోట్లా మడత, రాళ్ళు, నేను చెప్పింది చెప్పినట్టే ఉన్నాయి. చేతులు దులుపుకుని, "ఇంకెక్కడ తవ్వమంటారు మేడం?" అన్నాడు.

అప్పుడు పక్కతోట కాపలావాళ్ళ పిల్ల, ఎనిమిదేళ్ళు కూడా ఉండవు, "అది టైర్లెక్కి దూకుద్ది గదా" అంది. రోజూ దూకుతుందట. అవతల మెష్ పక్కనున్న పెంటకుప్ప ఎక్కి, మేం లెక్క చూసుకునే లోపు లోపలికి వచ్చేస్తుందట. "మరి చెప్పలేదేం?" అన్నాను. "మీరు అడగలేదు గదా" అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, డేగ పోయిన ఆయనతో సహా.

చుక్కమ్మ మాకు దొరికిందే 2024 సెప్టెంబరులో, బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు. డాబా పిట్టగోడ మీద ఉంటే పడవలో వెళ్ళి తెచ్చాం. ఎక్కడం రాబట్టే బతికిన కుక్కకి నా చేతుల్తో మెట్లు కట్టి పెట్టాను. మెష్ ఎన్ని అంగుళాలు భూమిలో ఉండాలో చదివాను గానీ, ఎవరి కోసం కడుతున్నానో దాని చరిత్ర గుర్తు చేసుకోలేదు.

18 వేలకి తెగింది. టైర్లని కంచెకి దూరంగా, నడిమధ్యకి లాగించి విడివిడిగా పడుకోబెట్టాం. పెంటకుప్పని ఆయనే జరిపించాడు, అది మెచ్చుకోవాలి. ఇక మెష్ పైన లోపలికి వంగేలా ఇనుప చువ్వలు పెట్టించాలి. ఆ పోల్స్ పాతింది ఆ మేస్త్రీయే కాబట్టి అతనే చేయాలి. బాకీ ఉన్న మూడు వేలు నిన్న రాత్రే ఫోన్‌పేలో పంపాను. పొద్దుట్నుంచి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు.