స్టుట్‌గార్ట్‌లో బెంజ్ అంటే టాక్సీ

మన దగ్గర బెంజ్ కారు అనగానే సినిమా నిర్మాతో, పెద్ద కాంట్రాక్టరో, ఎన్నికల్లో గెలిచిన నాయకుడో కళ్లముందు మెదులుతాడు. జర్మనీలో బెంజ్ కంపెనీ సొంత ఊరైన స్టుట్‌గార్ట్ విమానాశ్రయంలో దిగి, పెట్టెలు లాక్కుంటూ బయటికి వచ్చిన తెలుగువాడికి మాత్రం ఆ కార్లే వరుసగా, లేత దంతపు రంగులో, నెత్తిన టాక్సీ బోర్డు పెట్టుకుని కనిపిస్తాయి. టాక్సీలకు ఆ రంగునే పశ్చిమ జర్మనీ ప్రభుత్వం 1971లో తప్పనిసరి చేసింది. ఇప్పుడు చాలా రాష్ట్రాలు ఆ నిబంధనను సడలించినా పాత అలవాటు పూర్తిగా పోలేదు. ఊళ్లో ఎవరింటి ముందైనా ఆగితే పదిమంది మూగి చూసే బండిలో మన అటుకుల సంచీ, ఆవకాయ డబ్బా డిక్కీలో పెట్టించుకుని వెళ్లడం కొంచెం విచిత్రంగానే ఉంటుంది. ఈ కంపెనీ పరువు విలాసం వల్ల వచ్చింది కాదనీ, టాక్సీలూ లారీలూ మోసిన బరువు వల్ల, నలుగురిలో తల దించుకోవలసి వచ్చినప్పుడు చేసుకున్న దిద్దుబాట్ల వల్ల నిలిచిందనీ ఇక్కడ కొన్నేళ్లుగా పనిచేస్తున్న నా అభిప్రాయం.

నా ఉద్యోగం కార్ల బ్రేకులను నియంత్రించే సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం. నాకు జీతం ఇచ్చేది స్టుట్‌గార్ట్ దగ్గరున్న బోబ్లింగెన్‌లోని ఒక ఇంజినీరింగ్ సేవల సంస్థ. కార్ల తయారీ కంపెనీలు తమ పనిలో కొంత భాగాన్ని ఇలాంటి సంస్థలకు అప్పగిస్తాయి. అంటే బెంజ్ గుర్తయిన నక్షత్రం ఉన్న కార్డు నాది కాదు. ఈ ప్రాంతంలో ఉన్న తెలుగు ఇంజినీర్లలో చాలామందిది ఇదే పరిస్థితి అయినా, ఊళ్లో అడిగితే మాత్రం అందరి తల్లిదండ్రులూ మావాడు బెంజ్ కంపెనీలో చేస్తున్నాడనే చెబుతారు.

మా నాన్న అలా చెప్పడంలో మాత్రం కొంత న్యాయం ఉంది. ఆయన విజయవాడ ఆటోనగర్‌లో లారీ మెకానిక్‌గా జీవితమంతా గడిపారు. టాటాల టెల్కో, బెంజ్ బండ్లు చేసే డైమ్లర్-బెంజ్ సంస్థలు 1954లో పదిహేనేళ్ల ఒప్పందం చేసుకుని జంషెడ్‌పూర్‌లో టాటా మెర్సిడెస్-బెంజ్ లారీలను తయారుచేశాయి. 1969లో ఒప్పందం ముగిసి ముందు జాలీ మీది నక్షత్రం పోయింది కానీ, లారీ వాళ్ల నోట బెంజి బండి అన్న మాట ఆ తర్వాత ఎన్నో ఏళ్లు పోలేదు. విజయవాడలో బెంజ్ సర్కిల్ పేరు ఇప్పటికీ అలాగే ఉంది. ఆ కంపెనీ కారు పుణేలో తయారై మన రోడ్ల మీదికి వచ్చింది 1995లో. అప్పటికే ఆంధ్ర దేశంలో రెండు తరాల డ్రైవర్లకు ఆ పేరు తెలుసు; వాళ్లకు తెలిసిన బెంజ్ ధాన్యం బస్తాలు, బొగ్గు, ఇసుక మోసిన బెంజ్.

మొదటి రోజుల కథ ఇంకా సాదాగా ఉంటుంది. గోట్లీబ్ డైమ్లర్, విల్‌హెల్మ్ మైబాఖ్ ఇద్దరూ 1882 తర్వాత స్టుట్‌గార్ట్ పక్కనున్న కాన్‌స్టాట్‌లో, డైమ్లర్ ఇంటి తోటలోని మొక్కల గాజుగదిని కార్ఖానాగా మార్చుకుని, చిన్నదిగా, వేగంగా తిరిగే ఇంజిన్ కోసం రాత్రింబవళ్లు పనిచేశారు. లోపలినుంచి వచ్చే చప్పుళ్లు విని, వీళ్లు దొంగనాణేలు చేస్తున్నారేమోనని తోటమాలి పోలీసులకు చెప్పాడనీ, వాళ్లు వచ్చి వెతికితే పనిముట్లు తప్ప ఏమీ దొరకలేదనీ ఇక్కడ అందరూ చెప్పుకుంటారు. అదే కాలంలో, సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మాన్‌హైమ్‌లో కార్ల్ బెంజ్ తన మూడు చక్రాల బండికి 1886 జనవరి 29న పేటెంటు దరఖాస్తు పెట్టాడు. ఆ బండిని కొనేవాళ్లు లేక ఆయన దిగాలుపడి ఉంటే, 1888 ఆగస్టులో భార్య బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని 100 కిలోమీటర్లకు పైగా నడిపి ఫోర్ట్‌స్‌హైమ్‌లోని పుట్టింటికి చేరింది. దారిలో వీస్లోఖ్ అనే ఊళ్లో మందుల దుకాణంలో ఇంధనంగా లిగ్రోయిన్ కొన్నది, గొట్టంలో అడ్డు పడితే టోపీకి పెట్టుకునే సూదితో తీసింది, బ్రేకు దిమ్మలు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడిచేత తోలు కొట్టించింది. బ్రేకుల పని చేసేవాణ్ణి కాబట్టి నా దృష్టిలో ఆ తోలు ముక్క పేటెంటు కాగితానికి ఏమాత్రం తీసిపోదు; రోడ్డు మీద బండి నడిపి, దొరికిన లోపాన్ని అక్కడికక్కడే సరిచేసిన మొదటి పరీక్షకురాలు ఆవిడే.

విలాసం ఆ తర్వాత, ఫ్రాన్సు సముద్రతీరం నుంచి వచ్చింది. నీస్ నగరంలో ధనవంతులకు డైమ్లర్ కార్లు అమ్మిన ఎమిల్ యెలినెక్ అనే ఆస్ట్రియా వ్యాపారి 1900లో 36 కార్లకు ఒకేసారి ఆర్డరు ఇచ్చి, ఇప్పుడున్నవాటికన్నా వేగంగా, నేలకు దగ్గరగా ఉండే కారు కావాలని పట్టుబట్టాడు. మైబాఖ్ రూపొందించిన ఆ కారుకు యెలినెక్ తన కూతురు మెర్సిడెస్ పేరు పెట్టించాడు. 1901 మార్చిలో నీస్ పందాలలో ఆ కారు మిగిలినవాటిని వెనక్కి నెట్టేయడంతో యూరప్ సంపన్నులంతా దాని వెంట పడ్డారు. డైమ్లర్ మాత్రం 1900 మార్చిలోనే కన్నుమూశాడు. ఆ పేరున్న కారును ఆయన చూడనే లేదు. డైమ్లర్, బెంజ్ స్థాపించిన రెండు కంపెనీలు 1926లో కలిసిపోయాయి.

స్టుట్‌గార్ట్‌లోని ఉంటర్‌టుర్క్‌హైమ్‌లో 2006లో తెరిచిన కంపెనీ మ్యూజియంలో సందర్శకులను లిఫ్టులో అన్నిటికన్నా పై అంతస్తుకు తీసుకువెళ్లి, అక్కడ నిలబెట్టిన గుర్రం బొమ్మ దగ్గర వదులుతారు. అక్కడినుంచి చరిత్రలో నడుచుకుంటూ కిందికి దిగాలి. ఇండియానుంచి వచ్చిన ప్రతి బంధువుకూ దాన్ని చూపించడం ఇక్కడి మనవాళ్లకు ఒక విధిగా మారింది. అతిథులు వెండిరంగు పందెపు కార్ల దగ్గరా, జపాన్ చక్రవర్తి వాడిన కారు దగ్గరా ఫోటోలు దిగుతుంటారు. యుద్ధకాలం గురించి రాసిన పలకల దగ్గర ఎక్కువమంది ఆగరు. 1944లో ఆ కంపెనీ కార్మికులు 60 వేలకు పైగా ఉంటే, వాళ్లలో దాదాపు సగంమంది బలవంతంగా పట్టుకొచ్చిన విదేశీ పౌరులు, యుద్ధఖైదీలు, నిర్బంధ శిబిరాల బందీలు. ఈ చరిత్రను కంపెనీ స్వయంగా పరిశోధింపజేసి, పరిహారంగా 2 కోట్ల మార్కులు కేటాయించింది 1988లో, అంటే నాలుగు దశాబ్దాలు దాటాక. జర్మనీలో విదేశీ కూలీగా ఉన్నవాడు, అతడి జీతం ఎంత మంచిదైనా, ఆ పలకను ఒకసారి చదవాలని నా ఉద్దేశం.

ఆ తర్వాత వచ్చిన విదేశీయులు జీతానికి వచ్చినవాళ్లు. పశ్చిమ జర్మనీ కార్మికుల కోసం 1955లో ఇటలీతో, 1960లో గ్రీసు, స్పెయిన్‌లతో, 1961లో టర్కీతో ఒప్పందాలు చేసుకుంది. చమురు సంక్షోభం వచ్చిన 1973లో ఆ తలుపు మూసేసింది. మా బృందంలో కారు నడిపే టెస్ట్ డ్రైవరు అలా వచ్చిన టర్కీ కార్మికుడి కొడుకు. తండ్రి పోతపోసే కార్ఖానాలో మూడు షిఫ్టుల్లో పనిచేసి రిటైరయ్యాడు; కొడుకు ఈ ప్రాంతపు స్వాబియన్ యాసలో మాట్లాడితే జర్మన్ తరగతుల్లో నేర్చుకున్న మా భాష దేనికీ పనికిరాదు. వలస వచ్చినవాళ్లలో ఇంజినీర్లం మేమే మొదటివాళ్లం కూడా కాదు: కారు ముందు వెనుక భాగాలు నలిగిపోతూ దెబ్బను తామే మింగి, మనుషులు కూర్చున్న గదిని కాపాడాలన్న ఆలోచనకు 1951లో పేటెంటు దరఖాస్తు పెట్టిన బేలా బరేని ఆస్ట్రియాలో పుట్టినవాడు. ఆ ఆలోచనతో తయారైన కారు 1959లో అమ్మకానికి వచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో జిండెల్‌ఫింగెన్ ఫ్యాక్టరీ పక్కన ఖాళీస్థలంలో కంపెనీ తొలిసారి ఒక కారును అడ్డుగోడకు గుద్దించి చూసింది.

టాక్సీల విషయానికి వస్తే, 1936లో వచ్చిన 260 డి అనే డీజిల్ కారును ముందుగా ఆదరించింది టాక్సీ యజమానులే. 1976 నుంచి దాదాపు పదేళ్లు తయారైన డబ్ల్యూ 123 నమూనా కార్లు సుమారు 27 లక్షలు అమ్ముడయ్యాయి. ఆఫ్రికాలో, పశ్చిమాసియాలో అవి ఇప్పటికీ అక్కడక్కడ తిరుగుతుంటాయి. గ్రీసులో గ్రెగోరియోస్ సహినిడిస్ అనే టాక్సీ డ్రైవరు 1976 నాటి 240 డి కారును ఇంజిన్లు మార్చుకుంటూ 46 లక్షల కిలోమీటర్లు తిప్పి, 2004లో కంపెనీకి ఇచ్చేశాడు. చక్రవర్తుల కార్లున్న ఆ సేకరణలోనే ఇప్పుడు అదీ ఉంది. దాని ఫోటో పంపితే మా నాన్న మొదట అడిగింది ఇంజిన్ ఎన్నిసార్లు దింపారనే.

నా ఉద్యోగానికి మూలం మాత్రం ఒక పరాభవం. 1997 అక్టోబరులో స్వీడన్‌కు చెందిన కార్ల పత్రిక ఒకటి అప్పుడే మార్కెట్లోకి వచ్చిన బెంజ్ చిన్న కారు ఎ క్లాస్‌ను ఎల్క్ పరీక్షకు పెట్టింది. అక్కడి రోడ్ల మీద ఎల్క్ అనే పెద్ద దుప్పి హఠాత్తుగా అడ్డం వస్తుంది కాబట్టి, సుమారు 60 కిలోమీటర్ల వేగంలో స్టీరింగును ఒక పక్కకు కోసి, వెంటనే వెనక్కి తిప్పినప్పుడు బండి నిలదొక్కుకుంటుందా లేదా అన్నది చూస్తారు. ఎ క్లాస్ బోల్తా పడింది. అదే పరీక్షలో తూర్పు జర్మనీవాళ్ల పాత ట్రాబాంట్ కారు నెగ్గిందన్న వార్త జర్మనీ అంతటా నవ్వులు పూయించింది. కంపెనీ మొదట పరీక్షనే తప్పుపట్టినా, నవంబరులో సరఫరా ఆపివేసి, స్ప్రింగులు, టైర్లు మార్చి, అప్పటిదాకా ఖరీదైన కార్లకే ఉన్న ఇ.ఎస్.పి. అనే స్థిరత్వ వ్యవస్థను ఆ చిన్న కారుకు అదనపు ధర లేకుండా బిగించి 1998లో మళ్లీ విడుదల చేసింది. దాంతో మిగిలిన కంపెనీలకూ అది తప్పనిసరైంది. 2014 నాటికి యూరప్‌లో అమ్మే ప్రతి కొత్త కారుకూ చట్టమే దాన్ని విధించింది. పెద్ద పరువు ఉన్న కంపెనీ కావడం వల్లనే ఆ నవ్వులు అంత గట్టిగా తగిలాయనీ, మరే కంపెనీ కారు బోల్తాపడినా ఈ వ్యవస్థ చిన్న కార్లకు చేరడానికి ఇంకా ఆలస్యమయ్యేదనీ నేను నమ్ముతాను.

ఆ వ్యవస్థ చేసే పని వినడానికి తేలిక. స్టీరింగు ఎంత తిరిగిందో చూసి డ్రైవరు ఎటు వెళ్లాలనుకుంటున్నాడో లెక్కకడుతుంది, బండి నిజంగా ఎటు తిరుగుతోందో సెన్సర్లనుంచి తెలుసుకుంటుంది, రెండింటికీ పొంతన కుదరకపోతే ఒక్క చక్రానికే బ్రేకు వేసి బండిని దారికి తెస్తుంది. వెనుకభాగం జారి బయటికి పోతుంటే మలుపుకు బయటివైపున్న ముందు చక్రాన్ని పట్టుకుంటుంది. కష్టమంతా ఎప్పుడు, ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నదాంట్లో ఉంటుంది. అందుకోసం చలికాలంలో ఆర్కిటిక్ వలయానికి దగ్గరలో ఉన్న స్వీడన్ ఊరు ఆర్యెప్లోగ్‌కు వెళతాం. కార్ల కంపెనీలు, బ్రేకుల కంపెనీలు అనేకం అక్కడ గడ్డకట్టిన సరస్సుల మీద మంచు చెక్కి ట్రాకులు వేసుకుంటాయి. బెజవాడ ఎండల్లో పెరిగిన నాకు సున్నాకు 25 డిగ్రీల కింద ఒడిలో ల్యాప్‌టాప్ పెట్టుకుని, గ్లవుజు తీస్తే వేళ్లు కొంకర్లు పోతూ, తీయకపోతే మీటలు నొక్కలేక సతమతమవడం ఉద్యోగంలో భాగమైపోయింది.

ఒక పరీక్షలో కారు ఎడమ చక్రాలు నున్నని మంచు మీద, కుడి చక్రాలు కింద వేడి గొట్టాలు పరిచిన పొడి తారు మీద ఉంటాయి. ఆ స్థితిలో బ్రేకు గట్టిగా తొక్కితే బండి తారువైపు గిరుక్కున తిరగబోతుంది. తిరగకుండా, అలాగని ఆగడానికి మరీ దూరం పోకుండా సాఫ్ట్‌వేర్ మధ్యేమార్గం పట్టుకోవాలి. బండి ఆగగానే డ్రైవరు పదికి ఇన్ని అని ఒక అంకె చెబుతాడు. అతడు ఏడు అన్నాడంటే, అది ఎనిమిది ఎందుకు కాలేదో రికార్డయిన గీతల్లో వెతకడం మా రాత్రి పని. మా టర్కీ డ్రైవరు మా గీతల్లో కనబడని చిన్న కుదుపును పెడల్ కింద అరికాలితో పసిగడతాడు. ఇంజిన్ చప్పుడు వినడానికి స్క్రూడ్రైవరు కొస బ్లాకుకు ఆనించి, పిడి చెవిలో పెట్టుకునే మా నాన్నకు చెబితే, ఆ డ్రైవరు గురించి మరి రెండు ప్రశ్నలు అడిగారు గానీ నా సాఫ్ట్‌వేర్ గురించి ఏమీ అడగలేదు.

ఈ కథను అంతా మంచే జరిగినట్టు చెబితే ఇక్కడివాళ్లే ఒప్పుకోరు. తొంభైల ద్వితీయార్ధంలో వచ్చిన ఇ క్లాస్ కార్లకు పట్టిన తుప్పును టాక్సీవాళ్లు ఇంకా తిట్టుకుంటారు. ఎలక్ట్రానిక్స్, బ్రేకుల లోపాల వల్ల 2005లో 13 లక్షల కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. డీజిల్ కార్లు అనుమతించినదానికన్నా ఎక్కువ పొగ వదిలిన వ్యవహారంలో 2019లో స్టుట్‌గార్ట్ ప్రాసిక్యూటర్లు 87 కోట్ల యూరోల జరిమానా వేశారు. తుప్పునూ బ్రేకులనూ జనం కొంతవరకు మన్నించారు కానీ, డీజిల్ విషయంలో నా సహోద్యోగులు గొంతు తగ్గించి మాట్లాడతారు. బోల్తా పడటం అసమర్థత, పొగ లెక్కలు వేరే సంగతి అన్న తేడా వాళ్లకు బాగా తెలుసు.

కంపెనీ మీద బతికే ఊళ్ల సంగతి జిండెల్‌ఫింగెన్‌లో తెలుస్తుంది. పన్నుల డబ్బు పొంగిన రోజుల్లో ఆ పురపాలకులు రోడ్డు దాటే చారలను కరారా పాలరాయితో వేయించారు. వాటి మీదుగా నడిచి వెళ్లే ఉద్యోగులకు కొత్త కారు మీద కంపెనీ తగ్గింపు ఇస్తుంది. వాళ్లు ఏడాదో ఏడాదిన్నరో నడిపి అమ్మేస్తారు. ఇక్కడి తెలుగు కుటుంబాలు కొనే బెంజ్‌లు ఎక్కువగా అలా వచ్చినవే. మొదటి ఫోటో ఊరికి వెళుతుంది, ఆపై అది కూరగాయలకూ పిల్లల ఈత తరగతులకూ తిరిగే బండి అయిపోతుంది. హైదరాబాదుకు తిరిగి వెళ్లేటప్పుడు దాన్ని ఓడలో వేసుకుపోదామని కొందరు లెక్కలు వేస్తారు కానీ, స్టీరింగు ఎడమవైపున్న పాత కారును మన ప్రభుత్వం దిగుమతికి ఒప్పుకోదు. చివరికి అది వారాంతపు ప్రకటనల్లోకి ఎక్కి, వచ్చిన బేరంలో ఏ కొత్త తెలుగు కుటుంబానికో, ఏ టాక్సీ యజమానికో అమ్ముడవుతుంది.