గురువారం ఫోన్లు

ఫిబ్రవరి, శనివారం. రాత్రి పదిన్నర.

పొద్దున్న ఆరున్నరకి లేచి ఫోన్లో చూస్తే బయట మైనస్ పద్దెనిమిది. ఇన్నేళ్ళుగా అమెరికాలో, ఈ అయోవాలో ఉన్నా చలిని మాత్రం సెల్సియస్‌లోనే చూసుకుంటాను. ఫారెన్‌హీట్‌లో చెబితే నాకు భయం సరిగ్గా వెయ్యదు. ఇవాళ పి.ఇ.ఓ. అనే మా ఆడవాళ్ళ సంఘం ఛాప్టర్, అంటే స్థానిక శాఖ, మీటింగ్ మా ఇంట్లో. పదకొండు మంది వస్తామన్నారు. రిజిస్టర్‌లో 34 పేర్లున్నాయి.

చింతపండు నానేసి తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ సాయంత్రం ఆరు. పిన్ని వాళ్ళ పొదుపు సంఘానికి లీడరు. పదేళ్ళుగా ఆ పదవి వదలదు, ఎవరూ వదలనివ్వరు కూడా.

"ఏం చేస్తున్నావే?"

"పులిహోర, పిన్నీ. మీటింగుంది."

"మీ తెల్లోళ్ళ సంఘమా? ఎంతమంది వస్తారు?"

చెప్పాను.

"ముప్ఫై నాలుగు మందిలో పదకొండా! మా పదిమందిలో ఇద్దరు రాకపోతేనే నేను తీర్మానం పుస్తకం తెరవను" అంది. మళ్ళీ తనే నవ్వింది. "లోను వచ్చే నెలయితే పిలవక్కర్లేదులే, ముందే వచ్చి కూచుంటారు. మీకు లోన్లుండవా?"

"ఉంటాయి గానీ మాకు కాదు. బయటి ఆడపిల్లల చదువులకి."

"మరి మీకేంటి?"

ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే తాలింపు మాడింది. శనగపప్పు నల్లగా అయిపోయింది. మళ్ళీ పెట్టాను.

పి.ఇ.ఓ. అంటే ఏమిటో ఎవరికైనా చెప్పాలంటే నాకెప్పుడూ తిప్పలే. సొరోరిటీ, అంటే అక్కచెల్లెళ్ళ సంఘం, అనగానే మనవాళ్ళకి కాలేజీ పిల్లలుండే పెద్ద ఇల్లు, గ్రీకు అక్షరాల టీషర్టులు గుర్తొస్తాయి. మాదీ కాలేజీలోనే పుట్టింది. 1869 జనవరి 21న మౌంట్ ప్లెజెంట్ అనే ఊళ్ళో, అయోవా వెస్లియన్ కాలేజీలో ఏడుగురు అమ్మాయిలు మొదలుపెట్టారు. మా సీడర్ రాపిడ్స్ నుంచి కారులో గంటకి కాస్త పైన పడుతుంది ఆ ఊరు. అప్పట్లో ఆ కాలేజీకి వేరే సొరోరిటీ ఒకటి వచ్చి, ఈ ఏడుగురు స్నేహితురాళ్ళలో కొందరినే చేరమని పిలిచింది. కొందరు వెళ్ళి కొందరు మిగిలిపోవడమెందుకని, అందరూ కలిసి సొంతంగా ఒకటి పెట్టుకున్నారు. తర్వాత అది కాలేజీ గోడలు దాటి ఊళ్ళలోకి వచ్చేసింది. ఇప్పుడు ఉద్యోగాలు చేసేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, మనవల్ని పెంచేవాళ్ళు ఒకరింట్లో ఒకరు కలుసుకునే సంఘం. పుట్టిన కాలేజీ మాత్రం 2023లో మూతపడింది. 1842 నాటిది. ఆ వార్త వచ్చిన రోజు మా ప్రెసిడెంట్ ఫోన్లో ఏడ్చింది. ఆవిడ అక్కడ చదవలేదు కూడా.

ఇంకో తమాషా ఉంది. మా భర్తల్ని ఇక్కడ 'బిల్' అంటారు. బ్రదర్ ఇన్ లాకి పొడి అక్షరాలు. మేమంతా అక్కచెల్లెళ్ళం కాబట్టి మా ఆయన మిగిలిన ముప్ఫై ముగ్గురికీ బావగారన్న మాట. మామూలుగా వరసలు పట్టించుకోని ఈ దేశంలో ఎవరు కనిపెట్టారో గానీ, మొదటిసారి విన్నప్పుడు నాకు పుట్టింటికి వెళ్ళినట్టు అనిపించింది. బావగారు ఇవాళ తెల్లవారుజామునే లేచి వాకిట్లో మంచు తీసి, ఉప్పు చల్లి, పదింటికల్లా జిమ్ పేరు చెప్పి పారిపోయారు.

*

నేనెలా చేరానో రాసుకుని చాలాకాలమైంది.

గుంటూరులో బీకాం చదివాను. పెళ్ళి, వీసా, ఇద్దరు పిల్లలు. వీసా నిబంధనల వల్ల ఉద్యోగం చెయ్యకూడదు. గ్రీన్‌కార్డు వచ్చేసరికి పదేళ్ళు గడిచాయి, నా బీకాం నాకే గుర్తు లేదు. అకౌంటింగ్ మళ్ళీ మొదటినుంచీ చదువుదామని కమ్యూనిటీ కాలేజీలో చేరాను. రెండో నెలలో ఆయన ఉద్యోగం పోయింది. ఫీజు కట్టాలా, ఇంటి వాయిదా కట్టాలా? కాలేజీ మానేద్దామనుకున్నాను. లైబ్రరీలో పుస్తకాలు వాపసు ఇచ్చేస్తుంటే కౌంటర్లో ఉన్న పెద్దావిడ, "సెమిస్టర్ అయిపోలేదుగా, అప్పుడే ఎందుకిస్తున్నావు?" అని అడిగింది. ఆవిడెవరో నాకు తెలియదు. ఎందుకో అంతా చెప్పేశాను, వచ్చీరాని ఇంగ్లీషులో, ముక్కు చీదుకుంటూ.

చదువు మధ్యలో ఆగిపోయి, ఇల్లు గడవడం కోసం మళ్ళీ చదువుకోవాల్సి వచ్చిన ఆడవాళ్ళకి గ్రాంటు ఇచ్చే పథకం ఒకటి పి.ఇ.ఓ.లో 1973 నుంచీ ఉంది. అప్పు కాదు, తిరిగి కట్టక్కర్లేదు. మనంతట మనం అప్లై చెయ్యడానికి లేదు, ఏదో ఒక ఛాప్టర్ మన తరఫున నిలబడాలి. ఆవిడ తన ఛాప్టర్‌ని నిలబెట్టింది. ఆవిడా, ఇంకొకావిడా మా ఇంటికొచ్చి, సోఫా మీద ఉతికిన బట్టల గుట్ట పక్కకి జరుపుకుని కూచుని, నాతో కాగితాలు నింపించారు. డబ్బొచ్చింది. నాకు మాత్రం టెన్షన్. బదులుగా ఏం అడుగుతారో, ఏ చర్చికి రమ్మంటారో అని. రెండేళ్ళు ఎదురుచూశాను. ఏమీ అడగలేదు. చదువు పూర్తయి ఓ ఆస్పత్రిలో బిల్లింగ్ ఉద్యోగం వచ్చాక, ఓ రోజు అడిగారు: మాలో చేరతావా అని.

అన్నీ తియ్యటి సంగతులే అని రాస్తే అబద్ధం అవుతుంది. చేరిన మొదటి ఏడాది గదిలో నల్లజుట్టు నాదొక్కదానిదే. ఇంకో సభ్యురాలు మూడు మీటింగుల పాటు నన్ను తనకి తెలిసిన వేరే ఇండియన్ డాక్టరు పేరుతో పిలిచింది. నాలుగోసారి నేనూ ఆవిణ్ణి వేరే పేరుతో పిలిచాను. అప్పట్నుంచి మేమిద్దరం మంచి స్నేహితులం.

*

పదిన్నరకి రావడం మొదలుపెట్టారు. మా ఇంట్లో చెప్పులు బయటే. ఇక్కడి పెద్దవాళ్ళకి చలికాలంలో అది పెద్ద పరీక్ష. గుమ్మం లోపల పాత తువ్వాళ్ళు పరిచి, జారని మేజోళ్ళు డజను కొని బుట్టలో పెట్టాను. లైబ్రరీ పెద్దావిణ్ణి నేనే వెళ్ళి తీసుకొచ్చాను. ఆవిడకిప్పుడు 88. కళ్ళు మధ్యలో మసక, అంచులు మాత్రం కనిపిస్తాయి. మొహం చూడాలంటే పక్కకి తిరిగి చూస్తుంది, అలిగినట్టు. కుర్చీలో కూచోబెట్టి, కింద కూచుని బూట్ల జిప్పు లాగాను. మంచు కరిగి జిప్పులోకి దిగి బిగుసుకుపోయింది. మడమ పట్టుకుని లాగుతుంటే ఆవిడ నా తల మీద చెయ్యేసి ఆనుకుంది. పక్కనున్నవాళ్ళు చూస్తే దీవెన అనుకునేవాళ్ళు. నిజానికి పడిపోకుండా పట్టుకుంది.

మీటింగు లోపలి మాటలు బయట రాయకూడదు, డైరీలోనైనా సరే. ఆ మాటకొస్తే పి.ఇ.ఓ. అంటే 'ఫిలాంత్రోపిక్ ఎడ్యుకేషనల్ ఆర్గనైజేషన్' అని బయటివాళ్ళకి చెప్పడం కూడా 2005లోనే మొదలైంది, మొదట్లో పెట్టుకున్న అర్థం ఇప్పటికీ సభ్యులకే. కానీ పులిహోర తింటూ మాట్లాడుకున్నది రహస్యమేమీ కాదు. సభ్యుల సంఖ్య. ప్రతి ఫిబ్రవరిలోనూ వచ్చే గొడవే. ఆరుగురు అరిజోనా, ఫ్లోరిడా ఎండల్లో ఉన్నారు, ఏప్రిల్ దాకా రారు. వయసులో చిన్నవాళ్ళకి శనివారాలు పిల్లల ఆటలు. గత రెండేళ్ళలో ముగ్గురు పోయారు. ఒకావిడ రంగుల కరపత్రాలు వేయిద్దామంది. ఇంకొకావిడ, ఎప్పటినుంచో కడుపులో పెట్టుకున్న మాట కాబోలు, "పక్క ఛాప్టర్‌లో కలిసిపోతే?" అంది. స్పూన్ల చప్పుడు ఆగిపోయింది.

నాకో అభిప్రాయం ఉంది. ఇవాళ ధైర్యం చేసి చెప్పాను. మాలో చేరాలంటే పిలుపు ఉండాలి. ఎవరు ఎవర్ని పిలుస్తారు? తమకి తెలిసినవాళ్ళని. తెలిసినవాళ్ళంటే తమ వయసువాళ్ళు, తమ వీధివాళ్ళు, తమలాగే ఉన్నవాళ్ళు. పిలుపు రానివాళ్ళు ఉండకూడదని పుట్టిన సంఘం మనది, ఇప్పుడు పిలవడంలోనే మన చెయ్యి దగ్గర్లోనే ఆగిపోతోంది అన్నాను. నా డిపార్ట్‌మెంట్‌లో ఒక సూడాన్ అమ్మాయి ఉంది, ఇద్దరు చంటిపిల్లలతో రాత్రి క్లాసులకి వెళుతోంది, వచ్చే మీటింగ్‌కి ఆమెని తీసుకొస్తానన్నాను. కరపత్రాల ఆవిడ మొహం కొంచెం మాడ్చుకుంది. ప్రెసిడెంట్ రాసుకుంది.

అప్పటిదాకా మాట్లాడని పెద్దావిడ పక్కకి తిరిగి అడిగింది: "ఇవాళ రాని ఇరవై ముగ్గురున్నారే, ఈ నెలలో వాళ్ళలో ఎవరికి ఎవరు ఫోన్ చేశారు?"

ఎవరూ పలకలేదు. నేనూ పలకలేదు. నేను కొత్తవాళ్ళ గురించి అంత పెద్ద ఉపన్యాసమిచ్చిన దాన్ని.

*

తిరిగి దింపడానికి వెళితే లోపలికి రమ్మంది. ఫ్రిజ్ మీంచి ఒక రేకు డబ్బా తియ్యమంది. ఇక్కడి ఆడవాళ్ళు వంటల చీటీలు దాచుకునే డబ్బా, మూత మీద కోడిపుంజు బొమ్మ, రంగు పోయింది. "నాకిక కనపడవు. నువ్వు తీసుకో" అంది.

వంటలేవో అనుకున్నాను. ఇంటికొచ్చి తెరిస్తే మనుషులు. ఒక్కొక్కరికి ఒక్కో అట్టముక్క. లైబ్రేరియన్ కదా, అక్షరక్రమంలో. పోయినవాళ్ళ కార్డులు వెనక, ఒక రబ్బరు బ్యాండు వేసి. పుట్టినరోజులు, పిల్లల పేర్లు, కాఫీ ఎలా తాగుతారో, ఎవరికి ఏ రోజు బాగుండదో. ఒక కార్డు మీద 'మార్చి 9, కొడుకు పోయిన రోజు, పువ్వులు వద్దు, మాట్లాడితే చాలు' అని ఉంది. మీటింగుల్లో అందరికంటే గట్టిగా నవ్వే మనిషి కార్డు అది. ఆవిడకో కొడుకు ఉండేవాడని నాకు తెలియదు.

నా కార్డు కూడా ఉంది. నేను సభ్యురాలిని కాకముందు రెండేళ్ళ నుంచే ఉంది. పైన నా పేరు, కింద అదే పేరు ముక్కలుగా విరిచి, ఎక్కడ ఒత్తి పలకాలో గీత గీసి. 'భర్త ఉద్యోగం పోయింది. ఇద్దరు పిల్లలు. టీ, పాలు ఎక్కువ. మంచులో కారు నడపాలంటే భయం. గురువారం రాత్రి క్లాసు తొమ్మిదికి అయిపోతుంది. తొమ్మిదిన్నరకి ఫోన్.' దాని కింద టిక్కులు.

ఆ ఫోన్లు గుర్తున్నాయి. గురువారం ఇంట్లో అడుగుపెట్టి కోటు విప్పేలోపు మోగేది. ఏదో పుస్తకం గురించో, వాతావరణం గురించో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేసేది. పెద్దావిడకి తోచక చేస్తోంది పాపం అనుకునేదాన్ని. కొన్నిసార్లు విసుక్కున్నాను కూడా, అన్నం తినకుండానే ఈ పురాణమేమిటని. నేను క్షేమంగా ఇల్లు చేరానో లేదో చూసుకోవడానికి చేసేదని ఇన్నేళ్ళకి, ఇవాళ సాయంత్రం నాలుగింటికి, వంటింటి బల్ల దగ్గర తెలిసింది. టిక్కులు లెక్కపెట్టాను. 58.

ఫోన్ చేసి ఏమైనా అందామనుకున్నాను. ఆ సమయంలో ఆవిడ పడుకుంటుంది. అయినా ఏమంటాను? థాంక్స్ అంటే "దేనికి?" అంటుంది.

మిగతా కార్డులు చూస్తూ పోతే ఒకటి గమనించాను. అన్నిటి మీదా టిక్కులు రెండేళ్ళ క్రితం చలికాలంలో ఆగిపోయాయి. ఆవిడ కళ్ళు పాడైంది అప్పుడే. మా మీటింగులు పలచబడ్డదీ అప్పట్నుంచే. మేం అరిజోనాని, పిల్లల ఆటల్ని తిట్టుకుంటున్నాం.

ఒక కార్డు బయటికి తీశాను. భర్త పోయాక రావడం మానేసిన ఆవిడ. రెండేళ్ళుగా చందా కూడా కట్టలేదు. ఆ పేరు వచ్చినప్పుడల్లా ప్రెసిడెంట్ నిట్టూరుస్తుంది. కార్డు మీద 'కుక్క గురించి అడుగు' అని ఉంది. నంబరు నొక్కాను. ఎవరూ ఎత్తకపోతే బాగుండునని ఓ మూల అనిపించింది. ఎత్తింది.

పేరు చెప్పాను. రెండు క్షణాలు నిశ్శబ్దం. "చందా గురించా?" అంది.

"కాదు, కుక్క ఎలా ఉంది?"

కుక్క చచ్చిపోయింది. నవంబరులో. నాకు నోట మాట రాలేదు. ఆవిడే మొదలుపెట్టింది. దానికి పద్నాలుగేళ్ళని, చివరి వారం మెట్లెక్కలేకపోతే తనూ కింద హాల్లోనే పడుకుందని. అక్కణ్ణుంచి మోకాలి నొప్పికి, మోకాలి నుంచి కూతురికి, కూతురి నుంచి మళ్ళీ కుక్కకి. నలభై నిమిషాలు. మీటింగు మాట ఆవిడా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. గిన్నెలో మిగిలిన పులిహోర పైన ఎండిపోయింది. ఫోన్ పెట్టబోతూ, మంగళవారం పొద్దున్న కుడి మోకాలికి ఆపరేషన్ అని, ఆస్పత్రికి టాక్సీ చెప్పుకోవాలని, ఏదో గుర్తొచ్చినట్టు అంది.

కార్డులో కుక్క మీద సన్నగా గీత కొట్టి, 'నవంబరు' అని రాశాను. కింద: 'కుడి మోకాలు. మంగళవారం ఏడింటికి నేను తీసుకెళ్ళాలి.' ఆఫీసుకి లీవు మెయిల్ పెట్టాను. ఆ రోజు కారు నాకు కావాలని ఆయనకి ఇంకా చెప్పలేదు. బావగారు బస్సులో వెళతారు.